సగం గుడ్డు కూడా దిగడం లేదు, ఎవరైనా చెప్పండి ప్లీజ్

కొత్తచిగురు:
సాయంత్రం నుంచీ ఇదే గోల. ఉడికించిన గుడ్డు, అదీ సగమే, మెత్తగా చిదిపి తిన్నాను. మూడో స్పూను లోపలికి వెళ్లిందో లేదో ఛాతీ మధ్యలో బండ పెట్టినట్టు బరువు. తర్వాత నోట్లో నీళ్లు ఊరడం మొదలై ఆగితే ఒట్టు. మామూలు ఉమ్మి కాదు, తెల్లటి నురగ, జిగటగా తీగలు సాగుతోంది. మింగితే దిగదు, ఉమ్మితే తెగదు. సింకు పట్టుకుని నిలబడ్డాను. చివరికి తిన్నది తిన్నట్టే బయటికొచ్చింది. పోనీ నీళ్లు తాగితే కిందికి తోస్తాయేమో అనుకుంటే అవీ తిరిగొచ్చాయి.

బరువు తగ్గే సర్జరీ అయ్యాక ఆసుపత్రి వాళ్లిచ్చిన చార్టులో మెత్తటి ఆహారం మొదలుపెట్టమనే ఉంది. దాన్ని దాటి నేనేమీ తినలేదు. ఇంట్లో వాళ్లు "అదే అలవాటవుతుందిలే" అంటారు. గంటల తరబడి చదివాను, ఒకచోట మామూలే అని ఉంటుంది, ఇంకోచోట భయపెట్టి చంపుతారు. విసుగొచ్చేసింది. గుడ్డు మానేసి వేరే ఏం తింటే పడుతుంది? అది చెప్పండి చాలు.

నిక్కచ్చి:
ఏ సర్జరీ? ఎన్నో వారం?

సగంప్లేటు:
కంగారు పడకమ్మా. నాది స్లీవ్, అంటే పొట్టలో చాలా భాగం కోసేసి సన్నటి గొట్టంలా మిగిల్చేది, అయి చాలా కాలమైంది. మొదట్లో నాకూ గుడ్డు అస్సలు పడేది కాదు. ఉడికించిన తెల్లసొన రబ్బరులా ఉంటుంది, చిదిపినా పొడి పొడిగానే ఉంటుంది. దానికంటే పెరుగు, పాలల్లో కలిపి సన్నటి మంట మీద మెత్తగా వండిన గుడ్డు, గ్రేవీలో బాగా ఉడికి విడిపోయే చేప నయం. ఏదైనా సరే తడిగా ఉండాలి. చిన్న స్పూను వాడు. ఒక ముద్ద మింగాక స్పూను కింద పెట్టేయ్, కాసేపు ఆగు, తర్వాతే ఇంకోటి. భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. ముక్కు కారడం, ఎక్కిళ్లు, గట్టిగా నిట్టూర్పు రావడం, వీటిలో ఏది కనపడినా అక్కడితో ఆపు. ప్లేట్లో ఇంకో స్పూనే మిగిలింది కదా అని తినొద్దు, మా పాడు అలవాటల్లా అదే.

ఇరుక్కున్నప్పుడు నీళ్లు మాత్రం తాగొద్దు. దారి మూసుకుని ఉంటే పైన పోసిన నీళ్లు ఎక్కడికి పోతాయి? తినేటప్పుడు కూడా వద్దు, తిన్నాక కనీసం అరగంట ఆగు.

నాకు తెలిసి నీది డంపింగ్. తీపి తగ్గించు, సర్దుకుంటుంది.

తర్కం:
డంపింగ్ కాదండీ. ఈ మాట అందరూ దేనికి పడితే దానికి వాడేస్తున్నారు. వైద్యంలో వందేళ్లుగా ఉన్న పదం ఇది, దానికో అర్థం ఉంది. తిన్నది, ముఖ్యంగా తీపి, పొట్టలో నిలవకుండా ఒక్కసారిగా చిన్నపేగులోకి దిగిపోతే వచ్చేది డంపింగ్. తిన్న 10 నుంచి 30 నిమిషాల్లో గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు. ఇంకో రకం 1 నుంచి 3 గంటల తర్వాత వస్తుంది. అందులో ఇన్సులిన్ ఎక్కువగా విడుదలై షుగర్ పడిపోతుంది. వణుకు, కళ్లు తిరగడం, ఒక్కోసారి స్పృహ కూడా తప్పుతుంది.

ఈవిడ చెప్పినదాంట్లో దడ ఉందా? విరేచనం ఉందా? ఛాతీలో బరువు, నురగ, తిన్నది తిన్నట్టు రావడం. అంటే అసలు దిగడమే లేదు. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

సగంప్లేటు:
మా డైటీషియనే నాకు ఇలా అయితే డంపింగ్ అన్నారు మరి. పేరు ఏదైతే ఏంటండీ, బాధ బాధే కదా.

తర్కం:
పేరు తేడా అయితే చేసే పని కూడా తేడా అవుతుంది. మీరు తీపి తగ్గించమన్నారు. ఇరుక్కున్న గుడ్డుకి తీపితో ఏం సంబంధం?

మాత్రలడబ్బా:
అందరూ తిండి గురించే మాట్లాడుతున్నారు, మాత్రల ఊసెత్తేవాళ్లు లేరు. సర్జరీ తర్వాత జీవితమంటే మాత్రలేనండీ, అదీ ఒకటి రెండు నెలలు కాదు, బతికున్నంత కాలం. అమెరికన్ సొసైటీ ఫర్ మెటబాలిక్ అండ్ బేరియాట్రిక్ సర్జరీ వాళ్లు 2016లో సవరించిన మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు. అదంతా ఒకేసారి మింగితే వృథా, ఒంటికి పట్టదు, విడతలుగా వేసుకోవాలి. కాల్షియం కార్బొనేట్ కంటే కాల్షియం సిట్రేట్ మేలు, ఎందుకంటే అది కరగడానికి పొట్టలో ఆమ్లం అక్కర్లేదు. ఐరన్‌ని, కాల్షియాన్ని కలిపి వేయకూడదు, మధ్యలో రెండు గంటలైనా ఎడం ఉండాలి. నెలసరి వచ్చే ఆడవాళ్లకి, బైపాస్ (గుండెకి చేసేది కాదు, పొట్టని చిన్నది చేసి పేగుకి కలిపేది) అయినవాళ్లకి ఐరన్ 45 నుంచి 60 మిల్లీగ్రాములు. బీ12 మాత్రగా అయితే రోజుకి 350 మైక్రోగ్రాములకి తగ్గకూడదు, లేదంటే నెలకో ఇంజెక్షన్. విటమిన్ డీ3 వేరేగా. కాల్షియం కడుపులో ఉండగా ఐరన్ మింగి, ఆపైన టీ తాగి, "నాకు రక్తం పట్టడం లేదు" అని ఏడ్చేవాళ్లని ఎంతమందిని చూశానో.

నిక్కచ్చి:
ఆవిడకి నీళ్లే దిగడం లేదు. మాత్రెలా దిగుతుంది? నా ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు.

పరుగులరాయుడు:
ఇన్ని తిప్పలు పడే బదులు రోజూ ఓ గంట నడిచి, నోరు కట్టుకుని ఉంటే సరిపోయేది కదా. ఈ రోజుల్లో అన్నిటికీ షార్ట్‌కట్టే.

తర్కం:
నోరు కట్టుకోవడం చేతకాక ఎవరూ కత్తి కిందికి వెళ్లరండీ. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా పొట్ట పైభాగంలోనే తయారవుతుంది. డైటింగ్ చేసి బరువు తగ్గిస్తే అది పెరుగుతుంది, ఆకలి ఇంకా దంచుతుంది. స్లీవ్‌లో ఆ భాగాన్నే కోసి తీసేస్తారు. నడక గురించి వేరే పోస్టు పెట్టుకోండి, వచ్చి తీరిగ్గా వాదిస్తాను.

కొత్తచిగురు:
అందరికీ థాంక్స్. బైపాసే. అది చెప్పాలని తోచలేదు, ఇక్కడ అందరిదీ అదే అనుకున్నా. ఇప్పుడు ఆరో వారం. తీపి ముట్టడం లేదు, టీ తాగడం లేదు. నడక రోజూ ఉంది, పరుగులరాయుడు గారూ. తిన్న ప్రతిసారీ అరగంట పట్టేలాగే తింటున్నా. ఇప్పుడు కూడా కాసిని నీళ్లు తాగి చూశాను, గుటకకీ గుటకకీ మధ్య అక్కడే ఆగిపోయి కదలట్లేదనిపిస్తోంది. రేపటి నుంచి పెరుగు మొదలుపెట్టనా?

నిక్కచ్చి:
ఇంతకుముందు పెరుగు దిగిందా?

కొత్తచిగురు:
ఆ, నాలుగో వారంలో పెరుగు, గుజ్జు చేసిన కూరలు, చికెన్ మిక్సీ పట్టింది, అన్నీ దిగాయి. ఏ ఇబ్బందీ లేదు. తర్వాత చికెన్ పడడం మానేసింది, దాని మీద విరక్తి పుట్టిందేమో అనుకున్నా. ఆ తర్వాత గుజ్జు కూడా అంతే. ఈ వారమంతా రోజూ వాంతులు. ప్రోటీన్ పౌడర్ గ్లాసుడు అరగంటలో అయిపోయేది, ఇప్పుడు సగం గ్లాసుకే పూట గడిచిపోతోంది. గుడ్డు మెత్తగా ఉంటుంది కదా, అదైనా దిగుతుందని చూశాను.

నిక్కచ్చి:
ఇది మొదటి పోస్టులో ఉండాల్సింది. మీ సర్జన్‌కి ఫోన్ చేయండి. ఇప్పుడే.

తర్కం:
నేనూ అదే అంటాను. ఒకరోజు గుడ్డు ఇరుక్కోవడం వేరు, ముందు దిగినవి ఒక్కొక్కటిగా దిగడం మానేయడం వేరు. మొదట గట్టివి, తర్వాత గుజ్జు, తర్వాత నీళ్లు. ఈ వరస బాగా తెలిసినదే. బైపాస్‌లో పైన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచి మిగిల్చి, దాన్ని పేగుకి కలిపి కుడతారు. ఆ కుట్టు మానేటప్పుడు కొందరికి దారి సన్నబడుతుంది. స్ట్రిక్చర్ అంటారు. వచ్చేది ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. ఎండోస్కోపీలో చూసి, అక్కడే బెలూన్ పెట్టి దారిని వెడల్పు చేస్తారు. మళ్లీ కోయడం అరుదు. కొందరికి బెలూన్ ఒకటికి రెండుసార్లు పెట్టాల్సి వస్తుంది.

అదే అని నేను చెప్పలేను, కుట్టు దగ్గర పుండు పడినా ఇలాగే ఉండొచ్చు. చూస్తే తప్ప తేలదు. ఏం తినాలి అన్న ప్రశ్న మాత్రం ప్రస్తుతానికి పక్కన పెట్టండి.

సగంప్లేటు:
అర్ధరాత్రి పూట ఆ అమ్మాయిని ఎందుకండీ హడలగొడతారు. సోమవారం వెళ్లి చూపించుకుంటుంది. అంతవరకు పల్చటి సూపు స్పూనుతో...

కొత్తచిగురు:
నాకూ అదే అనిపిస్తోంది. ఎలాగూ సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది. ఈ వేళప్పుడు ఫోన్ చేస్తే ఏమనుకుంటారో అని మొహమాటం.

మాత్రలడబ్బా:
ఇందాక నా మాట ఎవరికీ పట్టలేదు కదా, ఇప్పుడు వినండి. వారమంతా వాంతులంటే నీళ్లొక్కటే కాదు పోయేది, థయమిన్ కూడా. అదే బీ1. ఒంట్లో దాని నిల్వ రెండు మూడు వారాలకి మించి ఉండదు, మీరు సరిగా తినక ఆరు వారాలు. అది అడుగంటితే వెర్నికీ అనే జబ్బు మెదడుకి వస్తుంది. ఒకటి రెండుగా కనిపించడం, నడక తూలడం, మనిషి అయోమయంగా మాట్లాడడం. ఆలస్యమైతే మతిమరుపు శాశ్వతంగా ఉండిపోవచ్చు. ఇది మాత్రలతో అయ్యే పని కాదు, సెలైన్‌లో ఎక్కించాలి. ఇంకోటి, నీరసంగా ఉందని గ్లూకోజ్ పెట్టేస్తుంటారు కొన్నిచోట్ల. బైపాస్ అయింది, వారంగా వాంతులు అని ముందే గట్టిగా చెప్పండి. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్త కూడా ఖర్చయిపోతుంది.

నిక్కచ్చి:
మూత్రం ఏ రంగులో ఉంది? లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయా?

కొత్తచిగురు:
ముదురు పసుపు. పొద్దున ఒకసారి, అంతే. లేస్తే తూలుతున్నట్టు ఉంది కానీ అది నీరసం అనుకున్నా. చూపు బాగానే ఉంది.

నిక్కచ్చి:
సోమవారం దాకా ఆగొద్దు. డిశ్చార్జి కాగితంలో ఎమర్జెన్సీ నంబరు ఉంటుంది. ఎత్తకపోతే ఎమర్జెన్సీకి వెళ్లండి. వాళ్లేమనుకుంటారో వాళ్లకి వదిలేయండి.

తర్కం:
వెళ్లేముందు ఒక్క విషయం. నొప్పులకి ఏమైనా వేసుకున్నారా? ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి?

కొత్తచిగురు:
తలనొప్పికి ఐబుప్రోఫెన్ ఒకట్రెండుసార్లు. ఎందుకు?

తర్కం:
బైపాస్ తర్వాత అవి వాడకూడదు, కుట్టు దగ్గర పుండు పడేది ఎక్కువగా వాటివల్లే, సిగరెట్ వల్ల. పారాసిటమాల్ అయితే ఫరవాలేదు. డాక్టరుకి ఇది తప్పకుండా చెప్పండి.

కొత్తచిగురు:
సరే, బయల్దేరుతున్నాం.

పొద్దుతిరుగుడు:
మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. నాది స్లీవ్, నాలుగో నెల. దువ్వెన పెడితే చాలు, చేతినిండా జుట్టు వస్తోంది. బయోటిన్ అనే విటమిన్ మొదలుపెట్టమని స్నేహితురాలు అంటోంది. పని చేస్తుందా?

మాత్రలడబ్బా:
బయోటిన్ అమ్మేవాళ్లకి బాగా పని చేస్తుంది. ఆపరేషన్, ఒక్కసారిగా బరువు తగ్గడం, రెండూ కలిసి చాలా వెంట్రుకల్ని ఒకేసారి విశ్రాంతిలోకి నెడతాయి, అవి మూడు నెలల తర్వాత రాలడం మొదలెడతాయి. కొన్ని నెలలకి దానంతట అదే ఆగి మళ్లీ మొలుస్తుంది. ఎంతకీ ఆగకపోతే ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), జింక్ పరీక్ష చేయించి చూడండి. ఇంకోటి, బయోటిన్ ఎక్కువ మోతాదులో వేసుకుంటే థైరాయిడ్ పరీక్షల ఫలితాలు తప్పుగా రావచ్చు. రక్తం ఇచ్చేముందు ల్యాబ్‌లో చెప్పాలి. ప్రోటీన్ ఎంత తీసుకుంటున్నారు?

పొద్దుతిరుగుడు:
లెక్క పెట్టడం లేదండీ. కడుపు నిండగానే ఆపేస్తున్నా.

మాత్రలడబ్బా:
రోజుకి కనీసం 60 గ్రాములు ఉండాలి. ప్లేట్లో ముందు ప్రోటీన్ తినాలి, తర్వాతే మిగతావి. చోటు తక్కువ కాబట్టి అన్నంతో నింపేస్తే గుడ్డుకి చోటు మిగలదు.

సగంప్లేటు:
నాకైతే బయోటిన్‌తోనే ఆగింది.

మాత్రలడబ్బా:
ఏ నెలలో మొదలుపెట్టారు?

సగంప్లేటు:
ఏడో నెల అనుకుంటా.

మాత్రలడబ్బా:
అప్పటికి ఎలాగూ ఆగుతుంది.

సగంప్లేటు:
అన్నీ మీకే తెలుసు లెండి.

కొత్తచిగురు:
స్ట్రిక్చరేనట. బెలూన్ పెట్టారు, పది రోజులకి మళ్లీ రమ్మన్నారు. థయమిన్ ఎక్కించారు. సూపు దిగుతోంది. థాంక్స్ అందరికీ, టైప్ చేసే ఓపిక లేదు.

పొద్దుతిరుగుడు:
హమ్మయ్య. మాత్రలడబ్బా గారూ, ఫెర్రిటిన్ పరీక్ష పరగడుపున ఇవ్వాలా, తిన్నాక ఇచ్చినా ఫరవాలేదా?