అత్తయ్యగారు బైబిలు తెరుస్తున్నారు, చదవలేకపోతున్నారు

ప్రశ్న (మర్రిపాలెం కోడలు): అందరికీ వందనాలండి. మామయ్యగారు ప్రభువునందు నిద్రించి (చనిపోయి) ఐదు వారాలైంది. అత్తయ్యగారు రోజుకు మూడు అధ్యాయాలు చదివే మనిషి. ఇప్పుడు తెరిచిన పేజీ మీదే కళ్లు ఆగిపోతున్నాయి. ఆదరణ కూడికలో (ఇంటివాళ్లను ఓదార్చే ప్రార్థన కూడికలో) కొందరు "ఏడవకూడదమ్మా, మనకు నిరీక్షణ ఉంది" అన్నారు, అంటే మళ్లీ కలుస్తామన్న ఆశ ఉందని. అప్పట్నుంచి ఏడుపు దాచుకుంటున్నారు. ఏం చదివించాలి, ఎంత చదివించాలి?

సండే స్కూల్ టీచరు, గాజువాక: ముందు ఆ మూడు అధ్యాయాల లెక్క ఆపేయండి సిస్టర్. నిద్ర లేక, దుఃఖంలో ఉన్నప్పుడు చదివింది నిలవదు. అది విశ్వాసం తగ్గడం కాదు, ఆ మాట ఆవిడకి చెప్పండి. 13వ కీర్తన తీసుకోండి, ఆరే వచనాలు. మీరు పైకి చదవండి, ఆవిడ వింటే చాలు. నాలుగైదు రోజులు అదే చదవండి. "ఎన్నాళ్లవరకు" అని దేవుణ్ణే నిలదీసే కీర్తన అది. తర్వాత 42, 43 కలిపి చదవండి. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు" అన్న ప్రశ్న ఆ రెండింట్లో మూడుసార్లు వస్తుంది. ఒకసారి అడిగితే కుంగుబాటు పోలేదన్నమాట.

88వ కీర్తన చీకటి మాటతోనే ముగుస్తుంది. పడుకునే ముందు వద్దు, పగలు మీరు పక్కనుండగా చదవండి. యోబు గ్రంథం మాత్రం ఎక్కడ పడితే అక్కడ తెరవకండి. 4 నుంచి 25వ అధ్యాయం దాకా మధ్యమధ్యలో, కష్టాల్లో ఉన్న యోబు మీద అతని స్నేహితులు వేసే నిందలే. వాళ్లు పలికింది యుక్తం కాదని దేవుడు 42:7లో గాని చెప్పడు. మధ్యలో తెరిచినవాళ్లకి ఆ నిందే దేవుని మాటలా తగులుతుంది.

సంఘపెద్ద, పాత పోస్టాఫీసు: 1 థెస్సలొనీకయులకు 4:13 "నిరీక్షణ లేని ఇతరుల వలె" దుఃఖపడొద్దంటుంది. ఆ "వలె"ను మింగేసి అసలు దుఃఖమే వద్దని చెప్పేస్తున్నారు, బాధేస్తుంది. మోషే చనిపోతే ఇశ్రాయేలీయులు 30 రోజులు ఏడ్చారు. చనిపోయిన స్నేహితుడు లాజరును లేపడానికి వెళ్తున్నానని యోహాను 11:11లో చెప్పిన యేసే 35వ వచనంలో కన్నీళ్లు విడిచాడు. ఈ రెండు వచనాలూ ఆవిడకి పక్కపక్కన చూపించండమ్మా. లూకా 7:13లో నాయీను విధవరాలిని ఏడవొద్దన్నాడు నిజమే, కానీ వెంటనే చనిపోయిన ఆమె కొడుకుని లేపి అప్పగించాడు. లేపలేని మనం ఆ మాట ఎత్తుకోకూడదు.

మామయ్యగారు గీతలు గీసుకున్న బైబిలు దాచకండి, మీ అంతట మీరు చేతిలో పెట్టనూ వద్దు. అడిగినప్పుడు ఇవ్వండి. రోజువారీకి పెద్దక్షరాల బైబిలు వేరే ఉంచండి. ఫోన్లో చదివిస్తే మధ్యలో వాట్సాప్ పరామర్శలు వచ్చి పడతాయి.

నర్సు, చినవాల్తేరు: 1 రాజులు 19లో చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందు అన్నం పెట్టాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ పెట్టాడు. దేవుడు మాట్లాడింది ఆ తర్వాతే. ఆవిడ తింటున్నారా, నిద్రపోతున్నారా? రెండు వారాలుగా రెండూ సరిగా లేకపోతే డాక్టరుకు చూపించండి. "నేనూ ఆయన దగ్గరికి పోతాను" అంటే మాత్రం ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు. టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోన్ నంబరు 14416కి ఏ వేళైనా తెలుగులో మాట్లాడొచ్చు. మా చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. ప్రార్థన మానక్కర్లేదు, రెండూ కలిసే నడుస్తాయి.