హాట్ వీల్స్ బొమ్మకార్లు ఎమ్మార్పీకి మూడింతలకు అమ్మేవాళ్ళని కలెక్టర్లు (సేకరించేవాళ్ళు) అనాలా? కొత్త కేసు (బళ్ళ అట్టపెట్టె) దిగిన ప్రతిసారీ ఇదే గోల

లేపాక్షి64:
సూటిగానే అడుగుతున్నా, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. హాట్ వీల్స్ మెయిన్‌లైన్ బండికి, అంటే ప్రీమియం కాని మామూలు రకం బొమ్మకారుకి, దాన్ని అంటించిన అట్టకార్డు వెనక వేసిన ఎమ్మార్పీ రెండొందలు కూడా దాటదు. కొత్త కేసు వచ్చిన రోజు ఒక నలుగురైదుగురు షాపు తెరిచే టైముకే వెళ్ళి, హుక్కులకి తగిలించకముందే అట్టపెట్టె దగ్గర బైఠాయించి, స్కైలైన్లూ పోర్షేలూ సుప్రాలూ అన్నీ ఏరుకుని పోతారు. సాయంత్రానికి అవే బళ్ళు ఇన్‌స్టాలో ఐదొందలు, ఆరొందలు. ట్రెజర్ హంట్ (కంపెనీ తక్కువగా వదిలే అరుదైన బండి) అయితే నోటికి ఎంతొస్తే అంత. మనం ఆఫీసయ్యాక వెళ్ళేసరికి మిగిలేది బాతు ఆకారం బండీ, డైనోసార్ బండీ.

కొత్తగా చేరినవాళ్ళకి లెక్క చెప్తా. మెయిన్‌లైన్‌లో ఏడాదికి 250 నంబర్లు, అది కార్డు మీదే ఉంటుంది. ఎ నుంచి క్యూ దాకా అక్షరాల పేర్లతో 15 కేసులుగా వస్తాయి (ఐ, ఓ వాడరు). కేసుకి 72 బళ్ళు. అందులో మామూలు ట్రెజర్ హంట్ ఒకటో రెండో పడుతుంది, ఇంకా అరుదైన సూపర్ ట్రెజర్ హంట్ అయితే ప్రతి పెట్టెలోనూ ఉంటుందన్న గ్యారంటీ లేదు. కాబట్టి పెట్టె ముందు ఎవడు తెరిస్తే వాడిదే రాజ్యం. ఇది హాబీనా, బ్లాకులో సినిమా టికెట్లు అమ్మడమా? నాకైతే రెండోదే అనిపిస్తోంది. మన గుంపులో ఈ ఏడాది మెయిన్‌లైన్లని ఎమ్మార్పీ దాటి అమ్మకూడదని రూల్ పెట్టాలని నా ప్రతిపాదన.

కార్డుమీదే:
నన్నే అంటున్నావని తెలుసు అన్నా, అందుకే నేనే ముందు మాట్లాడతా. అవును, నేను అమ్ముతాను. పొద్దున్నే లేచి బండేసుకుని ఊరి ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగేది నేను. ఒక్కోరోజు నాలుగు షాపులు తిరిగినా ఏమీ దొరకదు, ఆ పెట్రోలు నువ్వు పోయిస్తావా? డిస్ట్రిబ్యూటర్ దగ్గర కేసు మొత్తం కొంటే అందులో సగానికి పైగా ఎవడూ అడగని బళ్ళే, ఆ పెగ్ వార్మర్లన్నీ మా ఇంట్లో మంచం కింద ఉన్నాయి, వచ్చి చూసుకో. కడపలోనో, పార్వతీపురంలోనో ఉన్న కుర్రాడికి కొత్త కేసు హుక్కు మీద ఎప్పుడు కనపడుతుంది? వాడికి నేను కొరియర్ చేస్తా, బబుల్ ర్యాప్ చుట్టి, ప్రొటెక్టర్ (గట్టి ప్లాస్టిక్ తొడుగు) వేసి. వాడు సంతోషంగానే కొంటున్నాడు. మధ్యలో నీకెందుకు బాధ?

చిన్నూ వాళ్ళమ్మ:
నేను కలెక్టర్ని కాదు, ఏడేళ్ళ వాడి తల్లిని. వాడికి ఎర్ర సుప్రా కావాలట. ఒక షాపాయన దగ్గర ఉంది, కానీ విడిగా ఇవ్వడట. "కాంబో" అట. ఆ ఒక్క కారు కావాలంటే ఆయన ఇచ్చే ఇంకో తొమ్మిది కార్లు కూడా కొనాలి, అన్నీ ఎమ్మార్పీకే మేడమ్, రూపాయి ఎక్కువ తీసుకోను అని పెద్ద ఉపకారం చేస్తున్నట్టు చెప్పాడు. పిల్లల బొమ్మ కొనడానికి ఇంత తతంగమా? అసలు మీ పెద్దవాళ్ళు వీటిని కొని విప్పకుండా గోడకి తగిలించుకోవడం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు, ఏమీ అనుకోకండి.

తక్కెడ:
నేను తూనికలు కొలతల శాఖలో చేసి రిటైరయ్యాను. మా మనవడి పుణ్యమా అని ఈ బళ్ళ పిచ్చి పట్టింది. చట్టం మాట చెప్తాను, తర్వాత మీరూ మీరూ కొట్టుకోండి.

2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో 18వ రూలు, రెండో సబ్ రూలు. ప్యాక్ చేసిన సరుకుని దాని మీద వేసిన రిటైల్ ధర కంటే ఎక్కువకి అమ్మకూడదు. ఎవరు అమ్మకూడదు? రిటైల్ డీలర్ "లేదా మరే ఇతర వ్యక్తి" అని ఉంది. తయారీదారు, ప్యాకర్, దిగుమతిదారు, హోల్‌సేల్ డీలరు అందరూ అందులోకి వస్తారు. "నాకు షాపు లేదు, ఇన్‌స్టాలో అమ్ముకుంటున్నా" అనేది అంత గట్టి వాదన కాదు. ఎవరైనా తన సొంత కలెక్షన్లో పాత బండి ఒకటి అమ్ముకోవడం వేరు, దాని మీద వాదించడానికి చోటుంది. వారం వారం కొత్త సరుకు కొని అదే వారం అమ్మేవాణ్ణి కలెక్టరు అని నేనైతే అనను.

కాంబో సంగతి ఇంకా ముదురు. ఒక్కో బండికి ఎమ్మార్పీయే తీసుకున్నాడు కాబట్టి ధర రూలు కింద పట్టుకోవడం కష్టం. కానీ ఇది కొంటేనే అది ఇస్తానని బలవంతం చేయడం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుంది. 1915కి ఫోన్ చేయొచ్చమ్మా, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. బిల్లు అడగండి. బిల్లు అనగానే సగం కాంబోలు విడిపోతాయి, ఇది నా సర్వీసు అనుభవం.

కార్డుమీదే:
సార్, మీరంటే గౌరవం. కానీ ప్రభుత్వమే కదా ఈ పరిస్థితి తెచ్చింది? బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి పెంచారు, 2023లో 70 చేశారు. 2021 జనవరి 1 నుంచి బొమ్మలకి ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. ఇంకేముంది, బయటి బ్రాండ్లు రావడం కష్టమైపోయింది. వచ్చేది తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ, రేటు పెరగకుండా ఎలా ఉంటుంది? మినీ జీటీ అనే ఇంకో బ్రాండు బండి వెయ్యి పైమాటే అయినా ఎవడూ అడగడు, నేను మెయిన్‌లైన్‌కి ఐదొందలు అంటే దొంగనైపోయాను.

తక్కెడ:
ఐఎస్ఐ మార్కు తప్పనిసరి చేసిన ఆ క్వాలిటీ కంట్రోల్ ఆర్డరు 14 ఏళ్ళ లోపు పిల్లలు ఆడుకునే బొమ్మలకి బాబూ. అందుకే పెద్దవాళ్ళ కోసం చేసే మోడళ్ళ డబ్బా మీద 14 ప్లస్ అని వేస్తారు. పైగా సుంకాలన్నీ కట్టి, మార్కు వేయించుకుని, లాభం కూడా కలుపుకున్నాకే కదా కంపెనీ ఎమ్మార్పీ వేసింది. దాని మీద నువ్వు మళ్ళీ సుంకం వేస్తున్నావు.

డాలస్ గోదారోడు:
అంత సుంకం లేని చోట కూడా ఇదే కథ అని చెప్పడానికి వచ్చాను. ఇక్కడ బండి డాలరు పావలా దగ్గర్లో ఉంటుంది. పొద్దున్నే స్టోరు తలుపు తీసేసరికి బయట నలుగురు రెడీగా ఉంటారు. తొట్టిలో కుప్ప పోసి ఉంటే, చేతులు మోచేతుల దాకా పెట్టి కెలుకుతారు. ఒకాయన అయితే బ్లిస్టర్‌ని (కార్డు మీద బండిని మూసే ప్లాస్టిక్ బుడగ) వెలుతురుకి ఎత్తి చక్రం చూస్తాడు, రబ్బరు టైరు అయితే మెరవదు, ప్లాస్టిక్ అయితే మెరుస్తుంది, సూపర్ ట్రెజర్ హంట్‌ని కనిపెట్టేది అలాగే. తర్వాత పెయింటు చూస్తాడు, స్పెక్ట్రాఫ్లేమ్ అయితే లోపల లోహం కనిపిస్తున్నట్టు ఉంటుంది. ఇక కార్డు మీద బండి వెనకాల దాక్కున్న బంగారు రంగు గుండ్రటి మంట గుర్తు కోసం బ్లిస్టర్ అంచు నుంచి ఏటవాలుగా చూస్తాడు. ఇదంతా కన్నుమూసి తెరిచేలోపు. కొన్ని స్టోర్లలో మనిషికి ఇన్నే అని లిమిట్ పెట్టారు, దాంతో వాళ్ళు పెళ్ళాం పిల్లల్ని కూడా లైన్లో నిలబెడుతున్నారు.

నేను ఇండియా వస్తున్నానని తెలిస్తే చాలు, మా బావమరిది లిస్టు పంపిస్తాడు. ఆవకాయ జాడీ బదులు నా సూట్‌కేసులో బళ్ళే వస్తున్నాయి.

వైజాగ్ వీల్స్:
ఇంతమంది ఇంత మాట్లాడారు గానీ అసలు విషయం ఎవరూ పట్టుకోలేదు. ఇప్పుడు మీరు దాచుకుంటున్న ఈ ట్రెజర్ హంట్లు ఇరవై ఏళ్ళ తర్వాత ఎవడు కొంటాడు? 1995లో మొదటిసారి ట్రెజర్ హంట్ సిరీస్ వచ్చినప్పుడు 12 మోడళ్ళు, ఒక్కోటి 10,000 అని కంపెనీయే చెప్పింది. అప్పుడు పిల్లలు విప్పి ఆడేశారు, అందుకే మిగిలినవి తక్కువ. ఇప్పుడో? దొరికిన ప్రతి ట్రెజర్ హంట్ ప్రొటెక్టర్‌లోకి పోతోంది. అన్నీ మింటు కండిషన్‌లో, కొత్తవాటిలా ఉంటే ఇక అరుదు ఎక్కడిది?

మన దగ్గరే చూడండి. ఎనభైల చివర్లో, తొంభైల్లో లియో మాటెల్ పేరుతో హాట్ వీల్స్ ఇండియాలోనే తయారయ్యేవి. వాటి రంగులు, చక్రాలు అమెరికా వాటికంటే వేరుగా ఉండేవి. అప్పుడు ఎవరూ దాచలేదు, సిమెంటు గచ్చు మీద అరిగేదాకా తోశాం. అవే ఇప్పుడు విదేశీ కలెక్టర్లు వెతుక్కుంటున్నారు. దానికీ ముందు డింకీ అనే ఇంగ్లండు బొమ్మకార్ల కంపెనీ పాత అచ్చులతో కలకత్తాలో నిక్కీ టాయ్స్ వచ్చాయి, వాటి సంగతీ అంతే.

అన్నిటికంటే ఖరీదైన హాట్ వీల్స్ ఏది? 1969 నాటి గులాబీ రంగు బీచ్ బాంబ్ ఫోక్స్‌వాగన్, అదీ వెనక అద్దంలోంచి సర్ఫ్‌బోర్డులు దూర్చిన నమూనా. బండి సన్నం, పైబరువు, సూపర్ చార్జర్ (బండిని ముందుకి తోసే యంత్రం) ఉన్న ట్రాక్‌లో సరిగ్గా పరిగెత్తలేదు. దాంతో పక్కలు వెడల్పు చేసి, సర్ఫ్‌బోర్డులు పక్కకి మార్చి దాన్ని అమ్మారు. ఆ మొదటి నమూనా అసలు షాపుకే రాలేదు. దాని విలువ లక్ష డాలర్లు దాటింది. అది అరుదు అంటే. ఎవడో ఆటోలో కేసు ఎత్తుకుపోతే వచ్చే అరుదు అరుదు కాదు, అది టెన్షన్.

నేనైతే కొన్న ప్రతిదీ విప్పేస్తా. సముద్రం ఒడ్డున ఉన్నవాడికి ఎలాగూ కార్డు నిలవదు, రెండు వానాకాలాలకి అట్ట మెలితిరిగి, ప్లాస్టిక్ పసుపెక్కి, అంటించిన చోట ఊడొస్తుంది.

కార్డుమీదే:
విప్పిన బండికి నువ్వు ఎమ్మార్పీ కూడా ఇవ్వవు బ్రో, మళ్ళీ నీతులు. ఇరవై ఏళ్ళ తర్వాత రేటు నాకెందుకు, నాకు ఈ నెల అద్దె కావాలి. అందరూ ఐటీ జీతాలతో హాబీ చేయరు.

లేపాక్షి64:
ఈ మాట నాకు నచ్చింది, నిజంగా. వ్యాపారమని ఒప్పుకున్నావు. మరి వ్యాపారం చేసేవాడు బిల్లివ్వాలి, ఎమ్మార్పీకి లోబడాలి, సరుకులో లోపముంటే వెనక్కి తీసుకోవాలి. అవేవీ చేయకుండా, గుంపులో మాత్రం "నా కలెక్షన్ నుంచి తప్పనిసరై అమ్ముతున్నా, మనసొప్పట్లేదు" అని ఏడుపు బొమ్మ పెట్టి పోస్టు వేస్తారు, అదీ నాకు ఒళ్ళు మండేది. అదే స్కైలైన్‌ని మనసొప్పకుండా ఆరుగురికి అమ్మినవాళ్ళు ఉన్నారు ఇక్కడ, స్క్రీన్‌షాట్లు నా దగ్గరున్నాయి, పేర్లు చెప్పను.

కడప కుర్రాడి మాట చెప్పావు. వాడికి ఎందుకు దొరకట్లేదు? కొత్త కేసు వాళ్ళ ఊరి షాపుకి వచ్చేలోపే హోల్‌సేల్ దగ్గర విప్పి ఏరేస్తున్నారు కాబట్టి. షాపువాడికి మళ్ళీ సీలు వేసిన పెట్టె చేరుతుంది, లోపల ట్రెజర్ హంట్ ఉండదు. టేపు రెండు పొరలు ఉంటుంది చూడండి, పై టేపు కింద పాత టేపు చిరిగిన గుర్తు కనిపిస్తుంది. అంటే ముందు వాడికి దొరక్కుండా చేసి, తర్వాత వాడికే కొరియర్‌లో అమ్మి, సేవ చేశామంటున్నారు.

పెట్రోలు, టైము, కొరియర్ ఖర్చులు వేసుకో, వద్దనను. ఎమ్మార్పీకి పైన కొరియర్ విడిగా రాయి. మూడింతలు ఎందుకు?

చిన్నూ వాళ్ళమ్మ:
తక్కెడ గారూ, మీరు చెప్పినట్టే బిల్లు అడిగాను. "అది ఒక్కటే తీసుకోండి మేడమ్" అన్నాడు. ఎమ్మార్పీకే వచ్చింది. మా వాడు ఇంటికి వచ్చేదాకా కూడా ఆగలేదు, ఆటోలోనే కార్డు చింపేశాడు.

డాలస్ గోదారోడు:
చింపేశాడా!! ఇక్కడ ఇద్దరు ముగ్గురికి గుండె ఆగి ఉంటుంది.

వైజాగ్ వీల్స్:
శభాష్ చిన్నూ.

లేపాక్షి64:
రూల్ సంగతి తేల్చండి మరి. పాత బళ్ళు, ఆగిపోయిన మోడళ్ళు, ప్రీమియం, ఆర్ఎల్‌సీ (కంపెనీ కలెక్టర్ల క్లబ్బు బళ్ళు) ఎవరి ఇష్టం వాళ్ళది, బేరాలాడుకోండి, నాకు అభ్యంతరం లేదు. నేననేది ఇప్పుడు షాపుల్లో దిగుతున్న ఈ ఏడాది మెయిన్‌లైన్ల గురించి మాత్రమే. ట్రెజర్ హంట్‌తో సహా.

కార్డుమీదే:
ట్రెజర్ హంట్‌తో సహా అంటే నేను గుంపులోంచి వెళ్ళిపోతా, ఖాయం. అమ్మేవాళ్ళందరూ ఇన్‌స్టాకి పోతారు, అక్కడ ఏ తక్కెడ గారూ ఉండరు, డబ్బు తీసుకుని బ్లాక్ చేసేవాళ్ళే ఉంటారు. ఆలోచించుకోండి. నా వైపు నుంచి ఒకటి చెప్తా: వచ్చే కేసు నుంచి ప్రతి లాట్‌లో ఐదు బళ్ళు గుంపులో ఎమ్మార్పీకే పెడతా, కొరియర్ విడిగా. మిగతావి నా రేటు.

లేపాక్షి64:
ఏ ఐదు బళ్ళో లాట్ రాకముందే రాసి పెట్టు. వచ్చాక నువ్వు ఎంచుకోవడం కుదరదు.

తక్కెడ:
బిల్లుతో.