కార్పొరేటర్ గారు ట్రాఫిక్ మీద కాగితం రాసివ్వమన్నారు. ఏం రాయాలి?

క్యారియర్ అక్క, ఆరిలోవ:

నమస్కారమండీ. నాది వంట పని. విశాఖపట్నం ఆరిలోవలో ఇంట్లోనే వండి, రోజూ ఇరవై రెండు క్యారియర్లు స్కూటీకి ముందూ వెనకా కట్టుకుని సిరిపురం, ద్వారకానగర్ ఆఫీసుల్లో ఇచ్చొస్తాను. పదకొండున్నరకి బయల్దేరితే ఒంటిగంటకల్లా ఆఖరిది చేతికందాలి. హనుమంతవాక దగ్గర హైవే ఎక్కి వెంకోజీపాలెం, ఇసుకతోట, మద్దిలపాలెం, అక్కణ్నుంచి యూనివర్సిటీ పక్కగా సిరిపురం. తొమ్మిదేళ్లుగా ఇదే దారి. క్యారియర్ అడుగు గిన్నె ముట్టుకుంటే చాలు, ఇవాళ జంక్షన్లు ఎంతసేపు మింగాయో చెప్పేస్తాను.

సాయంత్రం ఖాళీవి తెచ్చుకునేటప్పుడు ఇంకా ఘోరం. మద్దిలపాలెం నుంచి హనుమంతవాక దాకా కాళ్లతో నెట్టుకుంటూ రావడమే. అప్పుడు చారు చల్లారే బెంగ లేదు కాబట్టి సరిపోయింది.

విషయం ఏటంటే, మొన్న మా కార్పొరేటర్ గారు కాలవ పని చూడ్డానికి మా వీధిలోకి వచ్చారు. ఊరుకోలేక అడిగేశాను. "వచ్చే కౌన్సిల్లో ట్రాఫిక్ గురించి మాట్లాడదామనుకుంటున్నాం, నువ్వు రోజూ తిరిగే మనిషివి కదా, ఒక కాగితం రాసివ్వమ్మా" అన్నారు. మాటవరసకి అన్నారో, మనసులో ఉండే అన్నారో తెలీదు. నేను మాత్రం నిజమనే పట్టుకున్నాను.

రాత్రి కూర్చుని రాశాను. ఫ్లైఓవర్ కట్టాలి. ఆటోలు రోడ్డు మీద ఆపకూడదు. తోపుడు బళ్లు తీసెయ్యాలి. హైవే మీద స్పీడ్ బ్రేకర్లు వెయ్యాలి. సంపత్ వినాయగర్ గుడి దగ్గర కొత్త బళ్ల పూజలు రోడ్డు మీద కాకుండా ఇంకెక్కడైనా చేయించాలి (స్వామి క్షమించాలి, నా స్కూటీ చేత కూడా నిమ్మకాయలు అక్కడే తొక్కించాను). మా పెద్దాడికి చూపిస్తే "అమ్మా, ఇది అర్జీ కాదు, తిట్ల దండకం" అన్నాడు.

రెండేళ్ల కిందట ఇలాగే ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్లాను. మా పరిధి కాదన్నారు. వాళ్లు చెప్పిన రెండో ఆఫీసుకి వెళ్తే మళ్లీ మొదటి ఆఫీసుకే పొమ్మన్నారు. ఆ రోజు ఇంటికొచ్చేసరికి కూర మాడిపోయింది. పేర్లెందుకులెండి.

తెలిసినవాళ్లు చెప్పండి. కౌన్సిల్లో ట్రాఫిక్ అంటే అసలేం చేస్తారు? కార్పొరేటర్ లేచి మాట్లాడితే సిగ్నల్ మారుతుందా? ఏం రాస్తే పని కదులుతుంది?


మద్దిలపాలెం ఆటో:

అక్కా, నీ కాగితంలో రెండో మాట కొట్టెయ్. ఆటోలు రోడ్డు మీద ఆపకూడదంట. మరెక్కడ ఆపుతాం, సముద్రంలోనా? చెయ్యెత్తిన చోట ఆపకపోతే ఎనకాలోడు ఎక్కించుకుని పోతాడు. నాకు పొద్దున్న లేస్తే ఫైనాన్సు కట్టాలి, గ్యాసు కొట్టించాలి.

ఇరవై ఏళ్లబట్టి నడుపుతున్నాను. ఇక్కడ ఆపకు అని లాఠీ చూపించినోళ్లే గానీ ఇదిగో ఇక్కడ ఆపుకో అని చోటు చూపించినోళ్లు లేరు. గీత గీయండి. ఆ గీత దాటితే చలానా రాయండి, కట్టేస్తాను. నీ కాగితంలో అది రాయి.

ఇంకోటి. ఆనందపురం నుంచి అనకాపల్లి బైపాసు పడ్డాక ఊళ్లోంచి పోయే లారీలు తగ్గాయి, అది ఒప్పుకుంటాను. ఆ ఖాళీలోకి కార్లు దిగిపోయాయి.


బీచ్ రోడ్డు వాకర్:

మేడం, కార్పొరేటర్ ఏం చేస్తారండీ? నాలుగు మాటలు మాట్లాడి టీ తాగి వస్తారు. మన ఊరికి ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో ఒకటే హైవే. దానికి మెట్రోయే మందు. స్టీల్ ప్లాంట్ నుంచి కొమ్మాది దాకా ఒక కారిడార్, మొత్తం మూడు కారిడార్లు, 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు. హైవే మీద కొంత మేర కింద ఫ్లైఓవర్, పైన మెట్రో అని ప్లాన్. అది వచ్చేదాకా ఎవరూ ఏమీ చెయ్యలేరు. మీరు కాగితం రాసే బదులు గంట ముందు బయల్దేరండి.


క్యారియర్ అక్క, ఆరిలోవ:

గంట ముందు బయల్దేరితే గంట ముందే చల్లారుతుందండీ.


లాసన్స్ బే పెద్దాయన:

అమ్మా, నేను ముప్పై ఏళ్లు మునిసిపల్ ఇంజనీరింగ్‌లో చేసి రిటైరయ్యాను. ఈ ఊళ్లో కాదు, వేరే చోట. ఇలాంటి కాగితాలు బల్లకి అటు పక్క కూర్చుని చాలా చదివాను కాబట్టి చెబుతున్నాను.

ముందు నీ దారి ఎవరిదో తెలుసుకో. హనుమంతవాక నుంచి మద్దిలపాలెం దాకా నువ్వెళ్లేది జాతీయ రహదారి 16. దాని మీద డివైడర్ పగలగొట్టాలన్నా, మూయాలన్నా ఆ రహదారి అధికారుల అనుమతి కావాలి. సిగ్నల్ ఎన్ని సెకన్లు, వన్‌వే ఎటు, ఫ్రీ లెఫ్ట్ ఉండాలా వద్దా, ఇవి ట్రాఫిక్ పోలీసులు చూస్తారు. ఫుట్‌పాత్, కాలవ, వీధి దీపం, ఆక్రమణ, పార్కింగ్ స్థలం మన కార్పొరేషన్, అంటే జీవీఎంసీవి. మాస్టర్ ప్లాన్ రోడ్లు చూసేది నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ. ఎన్ఏడీ కొత్తరోడ్డు ఫ్లైఓవర్ వాళ్లు కట్టిందే. బస్సులు ఆర్టీసీవి. ఒక్క క్యారియర్ ఇంటి నుంచి ఆఫీసుకి చేరేలోపు ఇంతమంది చేతుల్లోంచి పోతోంది. ఆ రెండు ఆఫీసుల్లో నీకు ఎదురైన సమాధానానికి మూలం ఇదే. వాళ్లు చెప్పిన తీరు బాగాలేకపోవచ్చు, అది వేరే సంగతి.

ఇక కౌన్సిల్. మొత్తం 98 వార్డులు. 98 మందిలో జంక్షన్ బాధ లేనివాళ్లు ఉండరు. అజెండాలో లేని మాటలకి వదిలే జీరో అవర్‌లో లేచి గట్టిగా మాట్లాడితే మర్నాడు పేపర్లో వస్తుంది. ఫైలు పుట్టదు. అదే అజెండాలో అంశంగా పెట్టిస్తే ఇంజనీరు స్థలం చూసి నోట్ రాయాలి, అంచనా వెయ్యాలి, డబ్బు ఏ పద్దులోంచో చెప్పాలి. అప్పుడది కమిషనర్ దగ్గరకో, స్టాండింగ్ కమిటీకో, కౌన్సిల్‌కో వెళ్తుంది. సిగ్నల్ మార్చండి అని కౌన్సిల్ తీర్మానం చేసినా పోలీసులకి అది వినతి మాత్రమే. పార్కింగ్ సంగతి అలా కాదు. మోటారు వాహనాల చట్టం 117వ సెక్షన్ ప్రకారం బళ్లు ఎక్కడ నిలపాలో నిర్ణయించేటప్పుడు స్థానిక సంస్థని సంప్రదించాలి. అంటే ఆ ఆటో తమ్ముడు అడిగిన గీత గురించి మాట్లాడే హక్కు కౌన్సిల్‌కి ఉంది. అతని మాట కొట్టెయ్యకు, పైకి తీసుకురా.

స్పీడ్ బ్రేకర్ల మాట మాత్రం కొట్టెయ్. జాతీయ రహదారి మీద వెయ్యకూడదు. లోపలి వీధుల్లో వెయ్యడానికి కూడా ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొలత ఉంది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, మధ్యలో మెల్లగా లేవాలి. మన వీధుల్లో ఉండేవి పిట్టగోడ పడుకున్నట్టుంటాయి, వాటి గురించి మాట్లాడితే నాకు బీపీ.

తోపుడు బళ్లు తీసెయ్యమని కూడా రాయకు. 2014 వీధి వ్యాపారుల చట్టం ఉంది. ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. వ్యాపారులకి చోట్లు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో 40 శాతానికి తగ్గకుండా వ్యాపారులే ఉండాలి. "బస్టాప్ ముందు ఇంత మేర ఖాళీ ఉంచి, బళ్లకి అవతల చోటు చూపించండి" అని రాస్తే ఎవరైనా ఆలోచిస్తారు.

వీళ్లందరూ ఒక్కచోట కూర్చోరా అంటే, కూర్చుంటారు. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ఉంటుంది. నీ కాగితం నకలు ఒకటి అక్కడికీ పంపు. సోమవారం జీవీఎంసీ ఆఫీసులో ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదిక జరుగుతుంది, అక్కడ రసీదు తీసుకో. సింహాచలం గిరి ప్రదక్షిణ చూశావుగా. ఆషాఢ పౌర్ణమి ముందు రోజు 32 కిలోమీటర్ల నడక. హనుమంతవాక, వెంకోజీపాలెం, ఇసుకతోట, అన్నీ నువ్వు తిరిగే చోట్లే. ఆ ఒక్క రోజు కోసం దేవస్థానం, పోలీసులు, కార్పొరేషన్, ఆర్టీసీ కూర్చుని ఏ బండి ఎక్కడ మళ్లాలో ముందే గీసుకుంటారు. అప్పన్న ఏడాదికొకసారి చేయించే పని నీ కాగితం చేయిస్తుందని నేననను. కానీ ఒక్క జంక్షన్, ఒక్క వైపు, రోజులో ఒక్క గంట పట్టుకుని అడుగు. ఊరంతా బాగుచెయ్యమంటే అది ఎవరి బల్ల మీదా ఆగదు.


ఏయూ ఇంజనీరింగ్ హాస్టల్:

ఆంటీ, నేను ట్రాన్స్‌పోర్టేషన్ చదువుతున్నాను. సార్ చెప్పిన ఒక్క జంక్షన్‌కి మీరు లెక్క జత చేస్తే కాగితానికి బరువొస్తుంది. యంత్రాలేం అక్కర్లేదు. నోట్‌బుక్కు, ఫోన్లో గడియారం చాలు. పదిహేను నిమిషాలకొక గడి గీసుకుని బస్సు, కారు, ఆటో, టూవీలర్ విడివిడిగా టిక్కులు పెట్టండి. మా లెక్కలో కారు 1 యూనిట్. ఒక రకం బళ్లు రోడ్డు మీద 10 శాతం దాటితే టూవీలర్‌కి 0.75, ఆటోకి 2, బస్సుకి 3.7 వేస్తాం. బస్సు నాలుగు కార్లంత చోటు తింటుందని తిడతారు గానీ అందులో యాభై మంది ఉంటారు. నాలుగు కార్లలో చాలాసార్లు నలుగురే.

అన్నిటికన్నా ముఖ్యం ఇంకోటి. గ్రీన్ పడి మళ్లీ రెడ్ అయ్యేలోపు దాటలేక ఎన్ని బళ్లు మిగిలాయో చూడండి. ప్రతిసారీ మిగులుతున్నాయంటే వెంటనే సిగ్నల్‌ని తిట్టకండి. గీత దాటాక అవతల ఏం అడ్డముందో చూడండి. మా క్లాసులో సగం కేసుల్లో జబ్బు అక్కడే ఉండేది.

బీచ్ రోడ్డు వాకర్ గారూ, మెట్రో వస్తే మంచిదే. కానీ మన పెందుర్తి, సింహాచలం బీఆర్‌టీఎస్ రోడ్లు గుర్తున్నాయి కదా. జేఎన్ఎన్‌యూఆర్ఎం అనే కేంద్ర పథకం డబ్బుతో రోడ్లు వెడల్పు చేసి, మధ్యలో బస్సులకే దారి అన్నారు. రోడ్డయితే వచ్చింది. అనుకున్నట్టు బస్సులు ఆ దారిలో పరిగెత్తలేదు. పెద్ద పని వచ్చేదాకా బస్టాపు ముందు ఖాళీ ఉంచడం ఆపుకోవడం ఎందుకు?


క్యారియర్ అక్క, ఆరిలోవ:

పదిరోజులకి వచ్చాను, ఏమీ అనుకోకండి, మధ్యలో శ్రావణ శుక్రవారం ఆర్డర్లు.

పెద్దాయన గారు చెప్పినట్టు ఒక్క జంక్షన్ పట్టుకున్నాను. ఏదో ఇక్కడ రాయను, నా దారిలోదే. నేను బండి దిగి నిలబడి లెక్కపెడితే అన్నం ఎవరు మోస్తారు? అందుకని మా పెద్దాణ్ని కాలేజీ లేని రోజు బస్టాపు ఎదురుగా ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టాను. గొడుగు, మజ్జిగ సీసా, నోట్‌బుక్కు ఇచ్చాను. పదకొండుంపావు నుంచి పన్నెండుంపావు దాకా.

గడులు బాగానే గీశాడు. టిక్కులకన్నా పక్కన రాసినవే పనికొచ్చాయి. నేను ఇన్నాళ్లూ సిగ్నల్‌నీ, ఆటోలనీ తిట్టాను. వాడు రాసింది వేరు. సిగ్నల్ దాటగానే బస్టాపు. బస్సు లోపలికి జరిగి ఆగడానికి చోటుంది, కానీ ఆ చోట్లో మందుల షాపుకీ, కర్రీ పాయింట్‌కీ వచ్చినవాళ్ల బళ్లు. బస్సు లోపలికి రాలేక రోడ్డు మీదే ఆగుతోంది. దాని వెనక ఆటో, ఆటో వెనక కారు. అవతల గ్రీన్ వెలుగుతూనే ఉంటుంది, దాటేవాడు ఉండడు. ఆ గంటలో బస్సు లోపలికి రాలేకపోయిన ప్రతిసారీ టైము రాసి, ఎవరి బండి అడ్డమో కూడా రాశాడు. తెల్ల స్కూటర్. ఎర్ర బైకు, పెరుగు ప్యాకెట్. కారు, డోరు తీసే ఉంది.

11.48 దగ్గర ఒకే మాట ఉంది: "అమ్మ."

ఆ మందుల షాపాయనకి ఒక క్యారియర్ ఇస్తానండీ రోజూ. ఒక్క నిమిషమే. తాళం కూడా తియ్యను. నా వెనక బస్సు ఎన్నిసార్లు హారన్ కొట్టిందో కూడా వాడు టిక్కులు పెట్టాడు, నేను వినలేదు.

నోట్‌బుక్కు చూపిస్తే సిగ్గేసింది. ఆ పేజీ చింపేద్దామా అంటే వాడు ఒప్పుకోలేదు. చివరికి కాగితం ఇలా రాశాం. బస్సు ఆగే చోటు మేర పసుపు గీత, నో పార్కింగ్ బోర్డు కావాలి. బస్టాపు దాటాక నలభై అడుగుల అవతల ఆటోలకి గీత కావాలి. కర్రీ పాయింట్ పక్కనున్న రెండు తోపుడు బళ్లకి వెనక సందు మొగలో చోటు చూపించాలి, వాళ్లతో నేనే మాట్లాడాను, కొళాయి దగ్గరుంటే చాలన్నారు. అంతే. ఫ్లైఓవర్ తీసేశాను. గుడి మాట కూడా తీసేశాను, అప్పటికి ధైర్యం చాల్లేదు.

కార్పొరేటర్ గారు నిలబడే చదివారు. "ఎవరు లెక్కపెట్టారు?" అని అడిగారు. పెద్దాడు అన్నాను. "11.48 ఎవరి అమ్మ?" అన్నారు. నేనే అన్నాను. నవ్వి, అజెండాకి పెట్టమని రాసి ఇస్తాను, ఇంజనీరు స్థలం చూడ్డానికి వచ్చిన రోజు అబ్బాయిని నోట్‌బుక్కుతో పంపమన్నారు. పంపుతాను. నకలు సోమవారం ఇచ్చి రసీదు తీసుకున్నాను, క్యారియర్ల సంచిలో దాచాను, కాస్త పప్పు అంటింది.


మద్దిలపాలెం ఆటో:

అక్కా, మొన్న మందుల షాపు దగ్గర నిన్ను చూశాను. బండి సందులో పెట్టేసి ఎండలో క్యారియర్ పట్టుకుని నడుస్తున్నావు. హారన్ కొట్టాను, వినలేదు. గీత పడిన రోజు నాకూ ఒక క్యారియర్ కట్టు. బెండకాయ వద్దు.