సీఎస్‌వీలో 1,184 సరుకులుంటే పేజీలో 731 వస్తున్నాయి, ఎవరైనా చూడండి ప్లీజ్

గూడెం_కుర్రాడు (రాత్రి 11:48)
సాయంత్రం ఆరింటి నుంచి దీని మీదే కూర్చున్నాను, ఇంకా అన్నం కూడా తినలేదు. తాడేపల్లిగూడెంలో మా మావయ్యకి హార్డ్‌వేర్ షాపు ఉంది. కౌంటర్ దగ్గర ట్యాబ్‌లో సరుకు పేరు కొడితే స్టాకూ రేటూ కనబడేలా చిన్న వెబ్ పేజీ చేసిస్తున్నాను. సర్వర్ లేదు, సరుకుల సీఎస్‌వీ ఫైల్ (కాలమ్‌ల మధ్య కామాలుండే టెక్స్ట్ ఫైల్) బ్రౌజర్‌లోనే చదవాలి. ఫైల్లో 1,184 సరుకులున్నాయి, నోట్‌ప్యాడ్‌లో లెక్క సరిగ్గానే ఉంది. నా పేజీలో మాత్రం 731 వస్తున్నాయి. మిగతా 453 ఏమయ్యాయో అర్థం కావట్లేదు. బ్రౌజర్ తప్పులు చూపించే కన్సోల్‌లో ఒక్క ఎర్ర లైను కూడా లేదు. క్రోమ్‌లోనూ అంతే, ఫైర్‌ఫాక్స్‌లోనూ అంతే. పొద్దున్న షాపు తెరిచేలోపు ఇస్తానని మాటిచ్చాను. చాలా టెన్షన్‌గా ఉంది.

రాత్రిషిఫ్ట్
కోడ్ లేదు, ఫైల్ లేదు. ఏం చూసి చెప్పాలి? దేంతో పార్స్ చేస్తున్నారు, అంటే ఫైల్‌ని కాలమ్‌లుగా విడగొడుతున్నది ఏది? ఫైల్లోంచి నాలుగు లైన్లు పెట్టండి.

అచ్చు_అక్షరం
సరుకుల పేర్లు తెలుగులో ఉన్నాయా? ఉంటే ముందు ఎన్‌కోడింగ్, అంటే అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి, చూసుకోండి. నేను చూసిన గొడవల్లో చాలావరకు అక్కడివే. యూటీఎఫ్-8 అనే ఎన్‌కోడింగ్‌లో తెలుగు గుర్తు ఒక్కోటి మూడు బైట్లు తీసుకుంటుంది. అక్షరమే కాదు, గుణింతం గుర్తు కూడా విడిగా మూడు బైట్లే. ఎక్సెల్‌లో మామూలు సీఎస్‌వీ అని సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్న గుర్తులైపోతుంది, ఆ ఫైల్‌ని ఇక ఎవరూ బాగుచెయ్యలేరు. "సీఎస్‌వీ యూటీఎఫ్-8" అని పక్కనే ఇంకోటి ఉంటుంది, అది ఎంచుకోవాలి. మా అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లిస్టు ఇలాగే పోయింది. 64 ఫ్లాట్ల పేర్లు మళ్లీ కూర్చుని కొట్టాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా. ఇంకో సంగతి, ఫైల్ మొదట్లో బామ్ అనే కనబడని గుర్తుంటుంది. అది మొదటి కాలమ్ పేరుకి అంటుకుంటే ఆ కాలమ్ దొరకదు.

పాత_కీబోర్డు
బ్రౌజర్‌లో యూటీఎఫ్-8 ఫైల్‌ని టెక్స్ట్‌గా చదివితే బామ్ దానంతటదే పోతుందండీ. మీరు చెప్పేది నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపేది) చదివినప్పుడు వచ్చే ఇబ్బంది. పైగా ఎన్‌కోడింగ్ తప్పితే అక్షరాలు పాడవుతాయి గానీ, ఇలా ఉన్న సరుకుల్లో మూడో వంతుకి పైగా మాయం కావు.

అచ్చు_అక్షరం
తెలుగు డేటా అన్నాక ముందు అదే చూడాలి. దాని వల్లే కాకపోవచ్చు, కానీ చూసుకోవడం మంచిది.

గూడెం_కుర్రాడు
తెలుగు శుభ్రంగా కనబడుతోందండీ, ఎన్‌కోడింగ్ గొడవ లేదు. పాపా పార్స్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ వాడుతున్నాను. మొదట నేనే లైన్లు విడగొట్టి, కామా దగ్గర మళ్లీ విడగొట్టి రాశాను. అప్పుడు 1,184 వచ్చాయి. కానీ కామా ఉన్న పేర్లు రెండు కాలమ్‌లుగా చీలిపోయాయి. అందుకని పాపా పార్స్‌కి మారాను. మారాకే తగ్గాయి. ఇది ముందే చెప్పాల్సింది, సారీ. ఫైల్ షాపులో బిల్లులు కొట్టే సాఫ్ట్‌వేర్‌ది, ఎక్సెల్‌ది కాదు. లైన్లు ఇవిగో:

కోడ్,పేరు,స్టాకు,రేటు
1041,"పీవీసీ పైపు 3/4"",18,145
1042,"ఎల్బో 3/4"",60,14
1043,"టీ జాయింట్ తెలుపు",35,22
1044,"నట్టు, బోల్టు సెట్టు",200,9

పాత_కీబోర్డు
ఇది సీఎస్‌వీనే కాదు. సీఎస్‌వీ ఎలా ఉండాలో రాసిన ఆర్‌ఎఫ్‌సీ 4180 అనే పత్రం చదవండి, 2005లో వచ్చింది. కోట్‌ల మధ్య ఉన్న విలువలో కోట్ రావాలంటే దాన్ని రెండుసార్లు రాయాలని అందులో స్పష్టంగా ఉంది.

కాలువగట్టు
అది ప్రమాణం కాదండీ, సమాచారం కోసమని వేసిన పత్రం. అప్పటికే వాడుకలో ఉన్న పద్ధతుల్ని ఒకచోట రాసిపెట్టారు. "ఇది సీఎస్‌వీ కాదు" అంటే ఆ అబ్బాయి మావయ్య షాపు రేపు తెరుచుకోదు కదా.

పాత_కీబోర్డు
ప్రమాణం అనకపోయినా అందరూ నమ్ముకునేది దాన్నే. ఇంకో మాట కూడా సరిచెయ్యాలి. మీరంతా లైను, వరస, రికార్డు మూడూ ఒకటే అన్నట్టు రాస్తున్నారు. నోట్‌ప్యాడ్ లెక్కపెట్టేది లైన్లు. పార్సర్ లెక్కపెట్టేది రికార్డులు. కోట్‌ల మధ్య ఎంటర్ ఉంటే ఒకే రికార్డు మూడు లైన్లు కూడా ఉండొచ్చు. 1,184 అనేది లైన్ల లెక్క, 731 రికార్డుల లెక్క. తేడా పోల్చేముందు ఇది తెలియాలి.

రాత్రిషిఫ్ట్
పాపా పార్స్ ఇచ్చే రిజల్ట్‌లో డేటాతో పాటు ఎర్రర్స్ అని ఇంకో లిస్టు ఉంటుంది. అది ఒక్కసారైనా ప్రింట్ చేశారా?

కాలువగట్టు
తమ్ముడూ, నీ ఇంచీ గుర్తే నీ సరుకుల్ని మింగుతోంది. ఇంచీకీ కోట్‌కీ ఫైల్లో ఒకటే గుర్తు. 1041 లైను నెమ్మదిగా చూడు. పేరు ముందు కోట్ తెరిచారు. "3/4" తర్వాత ఇంచీ గుర్తు, వెంటనే కోట్ మూత. రెండూ పక్కపక్కన పడ్డాయి. పార్సర్‌కి అది ఇంచీ అని తెలీదు. రెండు కోట్‌లు కలిసొస్తే "విలువలో ఒక కోట్ ఉంది, పేరు ఇంకా అయిపోలేదు" అనుకుంటుంది. దాంతో కామా, 18, 145 అన్నీ పేరులోకి వెళ్లిపోతాయి. లైను దాటి 1042 ఎల్బోలోకి వెళ్తుంది. అక్కడా చివర ఇంచీనే, మళ్లీ అదే కథ. 1043 టీ జాయింట్ పేరు మామూలుగా ముగిసింది కాబట్టి అక్కడ మూత దొరుకుతుంది. అంటే మూడు సరుకులు కలిసి ఒక్క రికార్డయ్యాయి.

అసలు ప్రమాదం ఇంకొకటుంది, అది నీకు ఇంకా కనబడినట్టు లేదు. ఆ కలిసిపోయిన రికార్డులో కోడ్ 1041, అంటే పైపుది. స్టాకు 35, రేటు 22, అంటే టీ జాయింట్‌వి. కాలమ్‌లు నాలుగూ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి "కాలమ్‌లు తగ్గాయి" అనే ఎర్రర్ కూడా రాదు. మీ మావయ్య 145 రూపాయల పైపుని 22కి అమ్మేస్తారు. పోయిన 453 సరుకులైనా కౌంటర్ దగ్గర దొరక్క బయటపడతాయి. ఈ తప్పు రేటు ఎవరి కంటా పడదు.

గూడెం_కుర్రాడు
అన్నా, ఇప్పుడే చూశాను. పేజీలో 1041 రేటు నిజంగానే 22 చూపిస్తోంది. చేతులు చల్లబడ్డాయి. ఎర్రర్స్ లిస్టు కూడా ప్రింట్ చేశాను. అందులో సరిగ్గా 453 ఉన్నాయి, అన్నీ కోట్ సరిగా లేదనే.

రాత్రిషిఫ్ట్
అదీ. ఆ లిస్టు ఖాళీగా లేకపోతే పేజీ తెరుచుకోకుండా కోడ్ రాయండి.

పాత_కీబోర్డు
అయితే ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకే చెప్పండి. తప్పు వాళ్లది, సరిచెయ్యాల్సింది వాళ్లు.

కాలువగట్టు
చెప్పాలి, కాదనను. కానీ పొద్దున్నకి కాదు కదా. ఫోన్‌లో టైప్ చేస్తున్నా, కోడ్ రాయలేను, మాటల్లో చెప్తాను. నీ ఫైల్లో కోట్‌లు పెట్టింది పేరుకి మాత్రమే, పేరులో ఎంటర్‌లు కూడా లేవు. కాబట్టి పార్స్ చెయ్యకముందే ఫైల్‌ని టెక్స్ట్‌గా చదివి లైన్లుగా విడగొట్టు. ప్రతి లైన్లో మొదటి కోట్ ఎక్కడుందో, చివరి కోట్ ఎక్కడుందో చూడు. ఆ రెండూ పేరుకి హద్దులు. వాటి మధ్యలో మిగిలిన ప్రతి కోట్‌నీ రెండు చెయ్యి. హద్దుల్ని ముట్టుకోకు. లైన్లన్నీ మళ్లీ కలిపి పాపా పార్స్‌కి ఇవ్వు. పైపు పేరు చివర మూడు కోట్‌లు వరుసగా కనబడాలి. అప్పుడు సరిపోయినట్టు.

నట్టు, బోల్టు సెట్టులో కామా కూడా చీలదు, ఎందుకంటే బయటి కోట్‌లు అలాగే ఉంటాయి.

పాత_కీబోర్డు
పేరు కాకుండా ఇంకో కాలమ్‌కి కూడా కోట్‌లు వస్తే ఈ పద్ధతి దెబ్బతింటుంది. అది గుర్తుపెట్టుకోండి. కోడ్ కాలమ్‌లో సున్నాతో మొదలయ్యేవి ఉంటే పాపా పార్స్‌లో డైనమిక్ టైపింగ్ (అంకెల్లా కనబడేవాటిని అంకెలుగా మార్చేది) ఆన్ చెయ్యకండి. 0045 కాస్తా 45 అయిపోతుంది.

అచ్చు_అక్షరం
రేపు మావయ్యగారు ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో తెరిచి మామూలు సీఎస్‌వీగా సేవ్ చేస్తే తెలుగు పోతుంది. ఆ మాట ఆయనకి ముందే చెప్పి పెట్టండి.

గూడెం_కుర్రాడు (రాత్రి 1:20)
వచ్చింది. 1,184. ఎర్రర్స్ సున్నా. పైపు 145, ఎల్బో 14, టీ 22. సాఫ్ట్‌వేర్ వాళ్లకి పొద్దున్న ఫోన్ చేస్తా. థాంక్స్ అన్నా, అందరికీ. తిని పడుకుంటా.

మైలవరం_టు_మ్యూనిక్ (మర్నాడు)
ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. నాదీ ఇంచుమించు ఇలాంటిదే. జర్మనీ ఆఫీసు నుంచి వచ్చే ఫైల్లో కాలమ్‌ల మధ్య కామా ఉండదు, సెమీకోలన్ ఉంటుంది. 12,50 అంటే పన్నెండున్నర యూరోలు. కాలమ్‌లు సరిగ్గానే విడిపోతున్నాయి, కానీ మొత్తం కూడితే ఎప్పుడూ తక్కువే వస్తోంది. పార్స్ ఫ్లోట్‌తో అంకెలుగా మారుస్తున్నాను. ఎవరైనా చూశారా?