"ఒషియొకి"ని తెలుగులో ఏమందాం? సైలర్ మూన్ ఆఖరి కథ, మన "శిక్ష"

పోస్టు:

"త్సుకి ని కవత్తె, ఒషియొకి యో!"

జపాన్ కార్టూన్ "సైలర్ మూన్" చూసినవాళ్ళకి ఈ వాక్యం కంఠతా వచ్చి ఉంటుంది. రాక్షసి ఎదురుపడగానే కథానాయిక ఉసాగి సైలర్ మూన్‌గా మారి, చేతులు తిప్పి, వేలు చూపించి అనే మాట ఇదే. ఇంగ్లీషులో దీన్ని "ఇన్ ద నేమ్ ఆఫ్ ద మూన్, ఐ విల్ పనిష్ యూ" అన్నారు. దాన్ని పట్టుకుని తెలుగులో చాలామంది "చంద్రుడి పేరిట నిన్ను శిక్షిస్తాను" అని రాస్తున్నారు. నాకు ఈ తెలుగు ముందునుంచీ మింగుడుపడలేదు. ఇప్పుడు మా అక్క కూతురి కోసం ఆఖరి భాగం "సైలర్ స్టార్స్" సంభాషణలు తెలుగులో రాసుకుంటున్నాను. ఆ కథలోకి వచ్చేసరికి ఈ వాక్యం మరీ అడ్డం తిరుగుతోంది. గ్రూపులో పెద్దలు ఒక చెయ్యి వేస్తారని అడుగుతున్నాను.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. నవోకో తకెవుచి గారి మాంగా (జపాన్ బొమ్మల కథ) 1991 చివర్లో "నకయోషి" అనే ఆడపిల్లల పత్రికలో మొదలై 1997లో ముగిసింది. టీవీలో మొత్తం 200 ఎపిసోడ్లు. ఆఖరి భాగం 1996 మార్చి నుంచి 1997 ఫిబ్రవరి దాకా 34 ఎపిసోడ్లుగా వచ్చింది. అందులో మొదటి ఆరూ పాత కథకు ముగింపు, గెలాక్సియా అనే శత్రువుతో పోరాడే అసలు కథ 173వ ఎపిసోడ్ నుంచి. ఇదే కథని మాంగాకి దగ్గరగా 2023లో "కాస్మోస్" పేరుతో రెండు సినిమాలుగా తీశారు.

ఇక మాట దగ్గరికి వద్దాం. "ని కవత్తె" అంటే "పేరిట" కాదు. "బదులుగా", "తరఫున" అని. చంద్రుడు రాలేడు కాబట్టి ఆయన స్థానంలో నేను వచ్చాను అంటోంది ఆ పిల్ల. "పేరిట" అంటే ప్రమాణం చేసినట్టు ఉంటుంది, "తరఫున" అంటే బాధ్యత తీసుకున్నట్టు ఉంటుంది. ఈ రెండూ ఒకటి కావు.

"ఒషియొకి" ఇంకా లోతైనది. "షియొకి" అంటే మొదట ఏర్పాటు చేయడం, ఒక పద్ధతిలో పెట్టడం, పాలించడం. జపాన్ చరిత్రలో "ఎదో" అనే యుగానికి (17–19 శతాబ్దాలు) వచ్చేసరికి ప్రభుత్వం వేసే దండన అనే అర్థం గట్టిపడింది. సుజుగమొరి, కోజుకప్పర లాంటి చోట్ల మరణదండన అమలు చేసే మైదానాలను "షియొకిబ" అనేవారు. అంత భయంకరమైన మాట ఇవాళ జపాన్‌లో అమ్మలు అల్లరి పిల్లల మీద వాడే మాట అయింది. "ఆ పని చేశావంటే ఒషియొకి!" అంటే మన ఇళ్ళలో "ఉండు, నీ పని చెప్తా" అన్నట్టే. పద్నాలుగేళ్ళ పిల్ల, ఏడుపుగొట్టు పిల్ల, రాక్షసి ముందు నిలబడి అమ్మ గొంతుతో మాట్లాడుతోంది. ఆ వాక్యంలో ఉన్న అందమంతా అదే. "నిన్ను శిక్షిస్తాను" అనగానే ఆ పిల్ల పోయి కోర్టులో జడ్జి వచ్చి కూర్చుంటాడు.

మీ మీ ఊళ్ళలో చిన్నపిల్లల్ని బెదిరించే మాటలు ఏమున్నాయో చెప్పండి.

తెనాలి మాస్టారు:

అమ్మా, మంచి విషయం ఎత్తావు. మా వీధిబడి రోజుల్లో శిక్షలకి పేర్లుండేవి. గుంజీళ్ళు, గోడకుర్చీ, తొడపాశం, కోదండం. గోడకుర్చీ అంటే కుర్చీ లేకుండా గోడకి ఆనుకుని కూర్చున్నట్టు నిలబడడం, కాసేపటికే మోకాళ్ళు వణికేవి. కోదండం అంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడడం. అదృష్టం కొద్దీ నా వంతుకు కోదండం రాలేదు. ఇవన్నీ ఒళ్ళు నొప్పించేవే గానీ ఎవరూ వాటిని "శిక్ష" అనేవారు కాదు. "అయ్యవారు గోడకుర్చీ వేయించారు" అనేవాళ్ళం. శిక్ష అంటే జైలు, ఉరి. కాబట్టి నువ్వన్నది నిజమే, "శిక్షిస్తాను" ఆ పిల్ల నోట ఇమడదు.

ఓరుగల్లు పిల్ల:

మా దిక్కు "నీ సంగతి చెప్త ఆగు" అంటరు. మా నాయనమ్మ కోడిపిల్లని ఎత్తుకపోయే గద్దని గూడ గట్లనే అంటుండె. పిల్లగాండ్లకైనా, పగోనికైనా అదే మాట. ఉసాగికి గిదైతే మంచిగ సరిపోతది అనిపిస్తంది.

పోస్టు రాసినామె జవాబు:

"నీ సంగతి చెప్తా" చాలా బాగుంది. మొదటి నాలుగు భాగాలకి కళ్ళుమూసుకుని అదే పెట్టేస్తాను. కానీ ఆఖరి కథలో నా చిక్కు వేరు, అది కొంచెం వివరంగా చెప్పాలి.

టీవీ కథలో గెలాక్సియా మనుషుల్లోంచి "స్టార్ సీడ్" అనే ప్రాణబీజాన్ని లాగేయిస్తుంది. అది పోయినవాళ్ళు "ఫేజ్" అనే రాక్షసులవుతారు. వేరే లోకం నుంచి వచ్చిన స్టార్‌లైట్స్ అనే యోధులు ముగ్గురూ వాళ్ళని చంపేయడానికి సిద్ధపడతారు, ఇక మనుషులుగా మారరని వాళ్ళ నమ్మకం. ఉసాగి అడ్డుపడి వాళ్ళని మళ్ళీ మనుషుల్ని చేస్తుంది. ఆ మంత్రం పేరు చూడండి: "స్టార్‌లైట్ హనీమూన్ థెరపీ కిస్". నోటితో ఒషియొకి అంటుంది, చేతితో చేసేది వైద్యం. చంపడమా, బాగుచేయడమా అన్న ఈ గొడవ మొదటి ఫేజ్ దగ్గర మొదలై ఆఖరి దాకా నడుస్తుంది.

చివర్లో గెలాక్సియా ఎవరో తెలుస్తుంది. ఆమె పుట్టుకతో దుష్టురాలు కాదు. లోకాన్ని కాపాడడానికి ఖేయాస్ అనే దుష్టశక్తిని తన ఒంట్లోనే బంధించుకున్న వీరురాలు, ఆ బంధించుకున్నదే ఆమెని తినేసింది. నేరస్థురాలూ ఆమే, జైలూ ఆమే. ఇప్పుడు ఎవరికి ఒషియొకి చేయాలి? ఉసాగికి కత్తి ఇస్తారు, ఆ కత్తి విరుగుతుంది. ఇక ఒంటి మీద కవచం లేదు, చేతిలో ఆయుధం లేదు. చెయ్యి చాపి నిలబడుతుంది. గెలాక్సియా ఆ చెయ్యి అందుకుంటుంది. 200 ఎపిసోడ్ల పాటు "నీ సంగతి చెప్తా" అన్న పిల్ల కథ ఇలా ముగుస్తుంది.

మొదటినుంచీ నేను పెట్టుకున్న మాట ఈ ముగింపుని మోయాలి. అమ్మ బెదిరింపు అందులో ఉండాలి, ఈ చాపిన చెయ్యి కూడా ఉండాలి. "సంగతి చెప్తా"లో బెదిరింపు ఉంది, చెయ్యి లేదు.

సంస్కృతం అక్కయ్య:

అయితే "శిక్ష"ని అంత తొందరగా తోసేయకండి. ఆ మాట మొదట దండన కానే కాదు. శక్ అంటే చేయగలగడం, దాని మీద కోరిక అర్థం చేర్చితే శిక్ష్. చేయగలగాలని కోరుకోవడం, అంటే నేర్చుకోవడం. వేదాంగాల్లో మొదటిది శిక్ష, ఉచ్చారణ శాస్త్రం. తైత్తిరీయంలో శీక్షావల్లి ఉంది. హిందీవాళ్ళకి ఇప్పటికీ శిక్షా అంటే చదువు. మనకి మాత్రం చదువు "శిక్షణ"లో, "శిక్షకుడు"లో మిగిలి, "శిక్ష" జైలుకి వెళ్ళిపోయింది. "దుష్టశిక్షణ, శిష్టరక్షణ" అన్నప్పుడు "శిక్షణ"కి కూడా దండనే అర్థం. జపాన్ మాట ఉరికంబం నుంచి ఇంట్లోకి వచ్చింది, మన మాట బడిలోంచి బందీఖానాకి పోయింది. రెండూ ఎదురుబొదురు నడిచాయి.

తెనాలి మాస్టారు:

అక్కయ్యగారు చెప్పింది బంగారం. ఆ రెండర్థాలూ విడిపోకుండా కలిసి ఉన్న తెలుగు మాట ఒకటుంది కదమ్మా: బుద్ధి చెప్పడం. "వాడికి తగిన బుద్ధి చెప్పారు" అంటే తన్నారని. "నాలుగు బుద్ధులు చెప్పి పంపారు" అంటే నేర్పారని.

పోస్టు రాసినామె జవాబు:

మాస్టారూ, ఇదే నాకు కావలసింది. "చందమామ తరఫున నీకు బుద్ధి చెప్తా!" పైకి చదివి చూశాను, గొంతు సరిగ్గా పలికింది.

మాంగా ముగింపుకి ఇది ఇంకా బాగా అతుకుతుంది. అక్కడ కథ పాలపుంత నడిబొడ్డున, నక్షత్రాలన్నీ పుట్టే "గెలాక్సీ కాల్డ్రన్" దగ్గర ముగుస్తుంది. నేను దాన్ని "నక్షత్రాల కాగు" అని రాసుకున్నాను. ఖేయాస్ ఆ కాగులో కలిసిపోయి ఉంది. చిబిచిబి అనే బుజ్జిపిల్ల రూపంలో వచ్చిన సైలర్ కాస్మోస్, కాగునే పగలగొట్టేయమంటుంది. చెడు పుట్టే చోటే లేకుండా చేస్తే యుద్ధాలే ఉండవు కదా అని. ఉసాగి ఒప్పుకోదు. కాగు పోతే ఇక కొత్త నక్షత్రాలు పుట్టవు. తానే అందులోకి దూకుతుంది.

ఆ కాస్మోస్ ఎవరంటే, ఎంతో కాలం తర్వాతి సైలర్ మూనే. తన కాలంలో యుద్ధం నుంచి పారిపోయి వెనక్కి వచ్చింది. చిన్నప్పటి తనని చూసి ధైర్యం తెచ్చుకుని, మళ్ళీ తన యుద్ధానికి వెళ్ళిపోతుంది. పెద్దది చిన్నదాని దగ్గర నేర్చుకుంది. అక్కయ్యగారు చెప్పిన పాత అర్థంలో నిజమైన శిక్ష అక్కడ జరిగింది. దాన్ని ఖడ్గాలు, కాంతులు ఉన్న ఫైటింగ్ సీన్‌గా మాత్రమే చూసేవాళ్ళంటే నాకు బాధ. ఈ మాంగా మొత్తంలో నాకు అన్నిటికన్నా విలువైన పేజీలు అవే.

ఓరుగల్లు పిల్ల:

అక్కా, "చంద్రుడు" అనకుండ "చందమామ" ఎందుకు పెట్టినవ్? జపాన్‌ల చంద్రుడు మామ కాదు గద?

పోస్టు రాసినామె జవాబు:

కాదు చెల్లీ. అక్కడ "త్సుకి" ఆడా కాదు, మగా కాదు. కానీ మన ఇళ్ళలో పిల్లల్ని ముద్దు చేయడానికీ, తప్పు చేస్తే కేకలేయడానికీ రెండింటికీ హక్కున్నవాడు మేనమామ. ఆయన తరఫున వచ్చానంటే వినే పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. "చంద్రుడి తరఫున" అంటే గ్రహం తరఫున వకీలు వచ్చినట్టు ఉంది. ఉసాగి అంటే కుందేలు, త్సుకినో ఉసాగి అంటే చంద్రుడి మీద కుందేలు, మన శశాంకుడు. ఆ కుందేలు మీద ఉన్న బౌద్ధ జాతక కథ మన దగ్గర్నుంచి జపాన్ దాకా వెళ్ళింది. దాని గురించి విడిగా రాస్తాను.

సంస్కృతం అక్కయ్య:

ఉసాగి జట్టులో మిగతా అమ్మాయిల మాటలు కూడా ఇలాగే ఉంటాయా?

పోస్టు రాసినామె జవాబు:

తలా ఒక మాట అక్కయ్యా, ఒకరి మాట ఇంకొకరికి అతకదు. నీటి శక్తి ఉన్న మెర్క్యురీ "నీళ్ళు నెత్తిన పోసుకుని చేసిన తప్పు తలుచుకో" అంటుంది, అక్కడ మాట "హన్సెయ్", ఆత్మవిమర్శ. చదువుకునే పిల్ల కదా, శత్రువుకి కూడా హోంవర్క్ ఇస్తుంది. వీనస్‌ది "టెన్‌బత్సు", దైవదండన. మార్స్ మాత్రం ఉసాగి వాక్యాన్నే తీసుకుని చంద్రుడి చోట అంగారకుణ్ణీ, ఒషియొకి చోట "సెక్కన్"నీ పెడుతుంది.

ఈ సెక్కన్ వెనక చైనా కథ ఉంది. హాన్ చక్రవర్తి చెంగ్ కొలువులో ఝూ యున్ అనే ఉద్యోగి లేచి, అవినీతి మంత్రి తల తీయించమన్నాడు. రాజుకి కోపం వచ్చి ఇతన్నే లాక్కెళ్ళమన్నాడు. అతను పిట్టగోడ కమ్మీ పట్టుకుని వదల్లేదు, లాగుతుంటే కమ్మీ విరిగింది. తర్వాత రాజు మెత్తబడి, నిజం చెప్పినవాడి గుర్తుగా విరిగిన కమ్మీని మార్చొద్దన్నాడు. "సెక్కన్" అంటే విరిగిన కమ్మీ. రాజుకి ఎదురుచెప్పి హితవు పలకడం అని దాని అర్థం. జపాన్‌లో అది పిల్లల్ని గట్టిగా కొట్టడం అయి కూర్చుంది. ఒషియొకి కన్నా మోటు మాట.

దీనికే ఇంకా తెలుగు దొరకలేదు. "బడితెపూజ" అనుకున్నాను. మార్స్, అంటే రేయ్, గుడిలో పని చేసే పిల్ల. పూజ అన్న మాట కలిసొస్తుంది, కానీ ఆడపిల్ల నోట మరీ మొరటుగా ఉంటుందేమో.

తెనాలి మాస్టారు:

గుడిలో పిల్ల అంటున్నావు, శత్రువు మీద ఏం విసురుతుంది?

పోస్టు రాసినామె జవాబు:

మంత్రం రాసిన కాగితం పట్టీ మాస్టారూ. "ఒఫుద" అంటారు. మంత్రం చదివి నుదుటికి అంటుకునేలా విసురుతుంది.

తెనాలి మాస్టారు:

అయితే ఇంకా ఆలోచన ఎందుకమ్మా, "అంగారకుడి తరఫున నీకు అక్షింతలు!" అని రాసెయ్యి.

ఓరుగల్లు పిల్ల:

మాస్టారూ, పట్టీ విసిరేటప్పుడు అక్షింతలు, నిప్పు విసిరేటప్పుడు బడితెపూజ. రెండూ ఉంచుకోమనుండ్రి.