రెస్టారెంట్ మద్రాస్ కర్రీ ఇంట్లో ఎందుకు కుదరడం లేదు? (బర్మింగ్‌హామ్)

కొత్త బియ్యం:
అందరికీ నమస్కారం. మాది తణుకు వైపు, ప్రస్తుతం బర్మింగ్‌హామ్‌లో ఉంటున్నాం. ఇక్కడి కర్రీ హౌసుల్లో దొరికే చికెన్ మద్రాస్ అంటే మా ఆఫీసు వాళ్లు ప్రాణం పెడతారు. ఇండియన్‌వి కదా, నీకు రాకపోవడమేంటి అని నన్ను వండి తెమ్మంటున్నారు. ఇది చెన్నైలో పుట్టిన కూర కాదు బాబూ అంటే ఎవరూ నమ్మరు. ఎలా చేసినా చివరికి మన కోడికూరే వస్తోంది. తినడానికి బాగానే ఉంటుంది గానీ అది కాదు. ఆ నున్నటి గ్రేవీ, ఆ కొంచెం తీపి, అడుగున ఎక్కడో తగిలే పొగవాసన... వాళ్లు ఏ మసాలా వాడతారండీ?
ఇంకో ప్రశ్న. ఈ పిచ్చి ఉన్నవాళ్లు బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల ఇంకెవరైనా ఉంటే ఒకరోజు కలిసి వండుకుందామా?

కాకినాడ కుర్రాడు:
అజినమోటో అండి. అంతకు మించి ఏం లేదు.

పోపుడబ్బా:
కుర్రాడు గారూ, ఎవరైనా చిటికెడు వేస్తే వేస్తారేమో గానీ, ఈ రుచి దానివల్ల రాదు. అసలు రహస్య మసాలా అంటూ ఏమీ లేదు. తేడా అంతా వండే వరసలో ఉంది.

మనం ప్రతి కూరకీ ఉల్లిపాయలు విడిగా వేయించి, మసాలా వేసి, మూతపెట్టి సన్నమంట మీద మగ్గనిస్తాం. కర్రీ హౌసులో అంత టైం ఉండదు. ఈ హోటళ్లలో ఎక్కువ భాగం సిల్హెట్ నుంచి వచ్చిన బంగ్లాదేశీ కుటుంబాలు నడుపుతున్నవే. ఆర్డరు వచ్చిన పది నిమిషాల్లో ప్లేటు బయటికి వెళ్లాలి కాబట్టి ఉల్లిపాయ పనంతా పొద్దున్నే పెద్ద డేగిసాలో చేసి పెట్టుకుంటారు. దాన్నే బేస్ గ్రేవీ అంటారు. కోర్మా అయినా, మద్రాస్ అయినా, విందాలూ అయినా అందులోంచే గరిటెతో తీసుకుని వండుతారు.

ఇంటి లెక్క ఇదీ. ఉల్లిపాయలు 1 కిలో, క్యారెట్ ఒకటి, పచ్చ క్యాప్సికం సగం, టమాటాలు రెండు, వెల్లుల్లి 8 రెబ్బలు, రెండంగుళాల అల్లం, నూనె 150 మిల్లీలీటర్లు, పసుపు, జీలకర్ర పొడి, ధనియాల పొడి ఒక్కో చెంచా, ఉప్పు చెంచాన్నర. ఉల్లిపాయలు ఎర్రగా వేయించకండి, మనవాళ్లకి చెయ్యి ఆగనిది అక్కడే. అన్నీ ఒకేసారి వేసి, మునిగేటన్ని నీళ్లు పోసి, మూతపెట్టి ముప్పావుగంట నుంచి గంట ఉడికించాలి. చల్లారాక మెత్తగా గ్రైండ్ చేయండి (వేడిమీద మిక్సీలో వేస్తే ఆవిరికి మూత ఎగిరిపోతుంది). మళ్లీ పొయ్యి మీద పెట్టి, పాలంత పల్చగా అయ్యేలా నీళ్లు కలిపి, పైన నూనె తేలేదాకా ఇంకో అరగంట. రుచి చూస్తే చప్పగా, ఉల్లి చారులా ఉంటుంది. కంగారు పడకండి, అలాగే ఉండాలి.

కూర వండే పద్ధతి తర్వాత రాస్తాను, పిల్లల్ని స్కూల్ నుంచి తేవాలి.

ఉల్లిగడ్డ:
అక్క చెప్పింది కరెక్ట్. ముక్కల సంగతి నేను చెప్తా. పచ్చి చికెన్ గ్రేవీల వెయ్యొద్దు. పసుపు, ఉప్పు, జరంత మసాలాతోని ముందే ఉడకబెట్టి పక్కన పెట్టుకోవాలె. ఆ ఉడికిన నీళ్లు పారబొయ్యకుండ బేస్‌ల కలుపుండ్రి, మస్తుంటది.

పోపుడబ్బా:
వచ్చేశాను. ఒక్కరికి మద్రాస్ ఇలా.

ముందు బేస్ గ్రేవీని పక్క పొయ్యి మీద వేడిగా ఉంచుకోండి. చల్లటి గ్రేవీ పోస్తే పాన్ వేడి చచ్చిపోతుంది. వెడల్పాటి పాన్‌లో నూనె మూడు టేబుల్‌స్పూన్లు, అల్లంవెల్లుల్లి ముద్ద ఒక చెంచా. పచ్చివాసన పోగానే మిక్స్ పౌడర్ చెంచాన్నర, కారం చెంచా, కసూరీ మేతి నలిపి చిటికెడు, ఉప్పు. మిక్స్ పౌడర్ అంటే ధనియాలు, జీలకర్ర, పసుపు, పాప్రికా (ఘాటు తక్కువ ఉండే ఎర్ర మిరపపొడి), ఇక్కడ డబ్బాల్లో దొరికే కర్రీ పౌడర్ కలిపి పెట్టుకున్నదే, కొలత ఎవరిది వాళ్లది. పొడులు వేశాక అర నిమిషం కూడా ఆగొద్దు, మాడితే చేదెక్కుతుంది. వెంటనే టమాటా ప్యూరీ పొయ్యాలి. ట్యూబులో వచ్చే చిక్కటి ప్యూరీకి మూడింతలు నీళ్లు కలిపి, అందులోంచి నాలుగు టేబుల్‌స్పూన్లు.

ఇప్పుడు మంట పూర్తిగా పెంచండి. ఒక గరిటె గ్రేవీ, అంటే సుమారు 75 మిల్లీలీటర్లు. అది ఇగిరి అంచుల్లో నూనె బుడగలు కనిపించాక ఇంకో గరిటె. అదీ ఇగిరాక మిగతా 150, 200 దాకా పోసి, చికెన్ వేసి, *కలపకుండా వదిలేయండి*. పాన్ అంచులకు, అడుగుకు కాస్త పట్టుకుని గోధుమరంగు అవుతుంది. దాన్ని గరిటెతో గీకి గ్రేవీలో కలిపేయాలి. రెండు మూడుసార్లు అలా చేయండి. మీరు అడిగిన పొగవాసన, తీపి ఆ గీకుడులోంచే వస్తాయి. ఉల్లిపాయలో ఉన్న చక్కెర అక్కడ మాడీమాడకుండా వేగుతుంది. మనం వద్దన్నా కలుపుతూనే ఉంటాం కాబట్టి మన కూరకి అది రాదు. చివర్లో నిమ్మరసం, కొత్తిమీర.

కొత్త బియ్యం:
అక్కా, దణ్ణం. ఒక్క సందేహం, మాది ఇండక్షన్ పొయ్యి. హోటల్లో వాడే అల్యూమినియం పాన్ దాని మీద పనిచేయడం లేదు.

ఉల్లిగడ్డ:
పనిచెయ్యదు. అయస్కాంతం అంటుకునే పాన్ ఉండాలె. కార్బన్ స్టీల్‌ది తీస్కో. నాన్‌స్టిక్ వద్దు, దానికి అడుగు పట్టదు, పడితేనే గదా గీకేది. పాన్ లేపి తిప్పుడు అలవాటుంటే మానుకో, లేపితే వేడి ఆగిపోతది. కిటికీ తెరువు, లేకుంటే స్మోక్ అలారం మోగుతది.

తెనాలి నుంచి రీడింగ్:
అంత నూనె చూస్తే భయమేస్తోందండీ. సగానికి తగ్గిస్తే?

పోపుడబ్బా:
బేస్‌లో తగ్గించండి, పర్వాలేదు. పాన్‌లో తగ్గిస్తే పొడులు వేగవు, పచ్చివాసన మిగిలిపోతుంది. వండాక పైన తేలిన నూనె తీసేయడం మేలు. ఆవనూనె వేస్తే ఇంకా బాగుంటుందని ఎవరైనా అంటే ముందు సీసా చూడండి, ఈ దేశంలో దాని మీద పైపూతకు మాత్రమే అని రాసి ఉంటుంది. మామూలు వెజిటబుల్ ఆయిలే హోటళ్లలోనూ.

కాకినాడ కుర్రాడు:
సరే, అజినమోటో మాట వెనక్కి తీసుకుంటున్నా. 😄 కలవడం సంగతేంటి మరి? నేను వుల్వర్‌హాంప్టన్.

ఉల్లిగడ్డ:
మేం లెస్టర్‌ల చేసినం ఇట్లాంటిది. పాట్‌లక్ పెట్టకుండ్రి, అందరు ఇంట్ల వండుకొచ్చి మైక్రోవేవ్‌ల పెడ్తరు, ఏం నేర్చుకునేది ఉండదు. బేస్ ఒక్కటే పెద్ద గిన్నెల వండుండ్రి. చికెన్, మిక్స్ పౌడర్ ఎవరిది వాళ్లు తెచ్చుకోవాలె. పొయ్యి కాడ ఒక్కొక్కరు ఒక్కొక్క కూర, ఒకరు కోర్మా, ఒకరు మద్రాస్, ఒకరు జల్‌ఫ్రేజీ. ఒకటే గ్రేవీల నుంచి ఇన్ని రుచులు ఎట్లొస్తున్నయో కండ్ల ముంగట కనవడ్తది. ఆఫీసు తెల్లోళ్లను గూడ పిలువు. వాళ్లల్ల దీని మీద మనకంటె ఎక్కువ తెలిసినోళ్లు ఉంటరు, ఏండ్ల సంది ఇంట్ల ప్రయోగాలు చేసేటోళ్లు.

పోపుడబ్బా:
పిలిచేముందు గింజల (నట్స్) ఎలర్జీ ఎవరికైనా ఉందా అని తప్పకుండా అడగండి. కోర్మాలో బాదం పొడి పడుతుంది, ఒకే గరిటె అన్నిట్లో తిరుగుతుంది. అన్నం వండితే గంటలోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి, మర్నాడు తినేయండి. మన ఊళ్లో చద్దన్నం తిన్న ధైర్యం ఇక్కడ పనికిరాదు, పదిమందికి పెట్టేటప్పుడు అసలే పనికిరాదు. మిగిలిన బేస్ ఒక్కో డబ్బాలో 300 మిల్లీలీటర్ల చొప్పున ఫ్రీజర్లో పెట్టుకుంటే ఒక డబ్బా ఒక కూర.

వీలైతే కలిసిన రోజే స్పార్క్‌బ్రూక్, స్పార్క్‌హిల్ వైపు ఒక బాల్టీ హోటల్‌కి వెళ్లండి. బాల్టీ 1970ల్లో మీ బర్మింగ్‌హామ్‌లో పుట్టిందే, పాకిస్తానీ వంటవాళ్ల చేతిలో. పల్చటి స్టీలు గిన్నెలో పెద్దమంట మీద వండి, అదే గిన్నెలో మీ ముందు పెడతారు. మంట పని ఏమిటో అది తింటే అర్థమవుతుంది.

కొత్త బియ్యం:
అయితే వచ్చే నెల రెండో శనివారం మా ఇంట్లో అనుకుందాం. ఐదు కిలోల ఉల్లిపాయలు, చికెన్ ఉడకబెట్టడం నా వంతు. ఉల్లిగడ్డ అన్నా, మీ పెద్ద డేగిసా తెస్తారా? కుర్రాడు గారూ, ఇండక్షన్ కాకుండా క్యాంపింగ్ గ్యాస్ పొయ్యి ఉంటే అది కావాలి, పెరట్లో పెడదాం. శాకాహారులు ఎవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి, పనీర్‌కి వేరే పాన్, వేరే గరిటె పెడతాను.

తెనాలి నుంచి రీడింగ్:
నేను శాకాహారినే. వస్తాను, పనీర్ నేనే తెస్తా. నూనె మాత్రం నా పాన్‌లో నేనే పోసుకుంటా.