'కమలిన భంగిన్' అంటే వాడినట్టేనా?

ప్రశ్న: "కమలములు నీట బాసిన / కమలాప్తుని రశ్మి సోకి కమలిన భంగిన్". సుమతీ శతకంలోని ఈ పాదాలను నా టైమ్‌ల్యాప్స్ వీడియో కింద వేయాలనుకుంటున్నాను. వీడియోలో కోసిన తామర పువ్వు పాడైపోతూ కనిపిస్తుంది. 'కమలిన' అంటే 'వాడిన' అని రాస్తే సరిపోతుందాండీ?

జవాబు: సరిపోదండీ. వాడటమంటే నీరు తగ్గి మెత్తబడి వేలాడటం. కమలడమంటే రంగు మారడం. ఎండలో తిరిగితే మొహం కమిలిందంటాం, దెబ్బ తగిలిన చోట కమిలిందంటాం, వాడిందనం కదా. చెరువులో ఉన్న తామర పొద్దున విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఇలా రెండు మూడు రోజులు చేసి, రంగు కాస్త వెలిసి, రేకులు రాల్చేస్తుంది. కోసిన తామర అలా కాదు, దాని రేకులు తొందరగా నల్లబడతాయి. పండ్లు, పువ్వుల నుంచి వెలువడే ఎథిలీన్ వాయువు ఆ నలుపును ఇంకా తొందరపెడుతుంది. పూజకు మొగ్గలు తెచ్చుకునేవాళ్లందరికీ ఇది అనుభవమే. అదే సూర్యుడు (కమలాప్తుడంటే ఆయనే), అదే ఎండ. నీళ్లలో ఉన్నంతసేపు ఆప్తుడు, బయటికొస్తే శత్రువు. అదే పద్యం చివరి పాదంలోని 'తమ మిత్రులె శత్రులౌట' అన్న మాటకు పువ్వులో కళ్లకు కనబడే ఆధారం ఈ నలుపే. 'వాడిన' అంటే ఆ బలం సగం పోతుంది.

మీ వీడియోలో అది కనబడాలంటే వైట్ బ్యాలెన్స్ (వెలుతురు రంగును బట్టి కెమెరా రంగులు సరిదిద్దే సెట్టింగ్) ఆటోలో పెట్టకండి. పొద్దుటి ఎండ పసుపు, మధ్యాహ్నపుది తెలుపు. ఆ తేడాను కెమెరా తనకు తోచినట్టు సరిదిద్దుతూ పోతే రంగు మారింది రేకుదో వెలుతురుదో తెలియదు. ఎక్స్‌పోజర్, ఫోకస్ కూడా మాన్యువల్‌లోనే ఉంచండి. పక్కన ఒక తెల్ల అట్టముక్క నిలబెడితే పోల్చుకోవడానికి బాగుంటుంది. రెండు నిమిషాలకొక ఫ్రేమ్ చొప్పున ఎనిమిది గంటలు తీస్తే 240 ఫ్రేములు వస్తాయి. సెకనుకు 24 చొప్పున ఆడిస్తే పది సెకన్ల వీడియో. గాలి తగలకుండా చూసుకోండి, లేకపోతే పువ్వు వణికినట్టు ఉంటుంది.

మరొకరు: కవి 'కమలిన' అన్నది అర్థం కోసం కాదేమోనండీ. ఈ పద్యం ఛందస్సు కందం. కందం రెండో పాదంలో నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదట యతి పడాలి, అంటే పాదం మొదటి అక్షరానికి సరిపోయే అక్షరం రావాలి. పాదం 'క'తో మొదలైంది కాబట్టి అక్కడా 'క' కావాలి. 'వాడిన' అంటే మాత్రలు (పలికే కాలం లెక్క) సరిపోతాయి గానీ యతి చెడుతుంది.

జవాబు: యతి మాట నిజమే. అయితే యతికి 'కందిన' కూడా కుదిరేది, అదీ రంగు మారడమే. ఇక 'కమలిన' అనడంతో సంస్కృతం నుంచి వచ్చిన కమలం, తెలుగు క్రియ కమలు ఒకే పాదంలో మోగాయి. ఛందస్సు అడిగినదీ పువ్వుకు జరిగేదీ ఇంత చక్కగా కలిసిన చోట ఒకదాన్ని తీసేయబుద్ధి కాదు నాకు. వీడియో కింద మాత్రం 'కమిలిపోయినట్టు' అని రాయండి, చిన్నపిల్లలకైనా తెలుస్తుంది.